గంగమ్మ కుక్కకు లైసెన్సు

లక్ష్మణమ్మ నోటికి జడిసి నౌపడ స్టేషన్లో టిక్కెట్లు అడిగే అయ్యలు కూడా పక్కకు తప్పుకుంటారు. అలాంటి మనిషికి మూడు రోజులుగా మాట లేదు. పొద్దున్నే చేపల గంపతో ఆమదాలవలస బండి ఎక్కుతోంది, అమ్ముకుని మధ్యాహ్నం బండికి దిగుతోంది, ఇంత వండి పడేస్తోంది. ఆమె మొగుడు గంగరాజుకు మొదటి రోజు హాయిగా ఉంది. రెండో రోజు అనుమానం వచ్చింది. మూడో రోజు నిజంగానే భయం వేసింది.

"ఏటయ్యిందే నీకు? ఒంట్లో బాగునేదా?"

"నా ఒంటికేటి, గుండ్రాయిలాగున్నాది. సచివాలయం గోడ మీద ఆ నోటీసు సూసినావా మావా?"

గంగరాజు చూశాడు. పేటలో చూడనివాడు లేడు. పంచాయతీలో ప్రతి కుక్కకూ లైసెన్సు ఉండాలట. దరఖాస్తులో యజమాని పేరు, ఆధార్ నంబరు, కుక్క ఫోటో ఇవ్వాలి. ఆదివారం పశువుల డాక్టరమ్మ వచ్చి ఇంజెక్షన్ వేసి మెడకు బిళ్ల కడుతుంది. బిళ్ల లేకుండా బడిలోనో, ఆస్పత్రిలోనో, స్టేషన్లోనో కనబడ్డ కుక్కను సోమవారం నుంచి వ్యాన్లో ఎక్కించుకుపోయి ఎక్కడో షెడ్డులో పెడతారు. మళ్లీ తెచ్చి వదలరు.

స్టేషన్ అన్న మాట దగ్గరే లక్ష్మణమ్మ ప్రాణం గిలగిల్లాడింది. ఎందుకంటే రోజూ ఆమె వెనకే ఒక కుక్క స్టేషన్ దాకా నడుస్తుంది. బండి కదిలాక సిమెంటు బల్ల కింద పడుకుని, మధ్యాహ్నం బండి వచ్చేదాకా అక్కడే ఉంటుంది. ఎండనీ వాననీ చూడదు. ఖాళీ గంపతో ఆమె దిగగానే తోక ఊపుకుంటూ ముందు నడుస్తుంది. కట్టుకున్న మొగుడు కూడా ఏనాడూ స్టేషన్‌కు ఎదురు రాలేదని ఆమె ఎన్నోసార్లు పేట వినేలా చెప్పింది. గంగరాజు ఆ మాట వినీ వినీ అలవాటు పడిపోయాడు.

"ఆ కుక్క మనది కాదు గదే" అన్నాడు అతను మెల్లగా.

అదీ అసలు చిక్కు. ఆ కుక్క ఎవరిదీ కాదు. తిత్లీ తుఫాను వెలిసిన రెండో రోజు ఓ థర్మాకోల్ ముక్క మీద కొట్టుకొచ్చిన పిల్ల అది. చూసినదీ, నడుముల్లోతు నీళ్లలోకి దిగి తెచ్చినదీ లక్ష్మణమ్మే. అయితే మాత్రం? సముద్రం ఒడ్డుకు తెచ్చిన దాని మీద ఎవరూ తమ పేరు పెట్టుకోకూడదన్నది ఆ పేట కట్టుబాటు. దుంగ కానీ, డ్రమ్ము కానీ, అది గంగమ్మ ఇచ్చింది, అందరిదీ. కావాలంటే పంపకం పెట్టాలి. పంపకం అంటే చేపల పోగులకు చేసినట్టే: ఎవరి గుర్తు వాళ్లు తువ్వాల్లో వేస్తారు. ఒకరిది గవ్వ, ఒకరిది వల తాడు ముక్క, ఒకరిది బీడీ ముక్క. ఊరికి సంబంధం లేని మనిషి కళ్లు మూసుకుని ఒకటి తీస్తే, ఆ గుర్తు ఎవరిదో వస్తువు వాళ్లది. ఆ మధ్య ఎల్లాజీ అనే కుర్రాడు నీలం డ్రమ్ము ఒకటి చెప్పకుండా ఇంట్లో పెట్టుకున్నందుకు, అందరి ముందూ గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది.

అప్పట్లో ఒళ్లంతా గజ్జి పట్టిన ఆ కుక్కపిల్లకు పంపకం ఎవడు పెడతాడు? గంగమ్మ కుక్క అని ఊరుకున్నారు. పడవ ఒడ్డుకు వస్తే దానికో చేప విసరడం మాత్రం ఆనవాయితీ అయింది, కవళ్లు పడితే కవళ్లు, కానాగంతలు పడితే కానాగంతలు. అలా తినీ తినీ అది దిట్టంగా పెరిగింది.

"పంపకం పెట్టమని జగన్నాధం పెద్దయ్యను అడుగు" అన్నాడు గంగరాజు.

"పంపకమా! నా సేతికి ఒక్కనాడైనా మంచి పోగు వచ్చిందేటి?"

ఆ మాట నిజమే. లక్ష్మణమ్మ గుర్తు చింతగింజ. ముప్పై ఏళ్లుగా అదే. ముప్పై ఏళ్లుగా ఆ గింజకు పడేది అడుగు పోగే, నలిగిన చేపలూ చిన్న పీతలూ. ఆ గింజ ముట్టుకుంటే దరిద్రం అంటుకుంటుందని పేటంతా వేళాకోళం చేస్తారు, ఇంకెవరూ చింతగింజ జోలికి వెళ్లరు. ఆమె మాత్రం మార్చదు. మార్చమన్నవాళ్లను ఆ రోజు పడుకోనివ్వదు.

మర్నాడు ఆమె ఆమదాలవలస వెళ్లలేదు. గంప పక్కింటామెకు ఇచ్చి పంపి, ముఖం కడుక్కుని, వెనక సందులోంచి దొంగలా సచివాలయానికి వెళ్లింది. యజమాని: లక్ష్మణమ్మ. కుక్క పేరు: బుజ్జోడు. రంగు: గోధుమ, ఎడమ చెవి గాలానికి తగిలి చిరిగింది. ఫోటో అడిగితే, స్టేషన్ బల్ల కింద పడుకున్నప్పుడు ఫోన్లో తీసింది చూపించింది. రసీదు రవికలో దాచుకుని ఇంటికొచ్చి, గంగమ్మ గుడి వైపు తిరిగి లెంపలేసుకుంది. ముప్పై ఏళ్లలో ఆమె పేట కట్టుబాటు దాటడం అదే మొదలు.

ఆదివారం ఎలా వచ్చిందో వచ్చింది. ఒడ్డున వలల షెడ్డులో బల్ల వేసుకుని పశువుల డాక్టరమ్మ అరుణశ్రీ కూర్చుంది. విజయనగరం వైపు పిల్ల, ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. తెల్లవారకముందే కుక్క మెడకు తాడు వేసి దాచిన లక్ష్మణమ్మ, అందరూ ఇళ్లల్లో ఉండే వేళ చూసుకుని బిళ్ల కట్టించుకుపోదామని బయల్దేరింది.

షెడ్డు నిండా జనం. అందరూ తెలిసినవాళ్లే. ఒక్కరి చేతిలోనూ కుక్క లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. లక్ష్మణమ్మ కుక్కతో లోపలికి రాగానే పన్నెండు తలలు ఇటు తిరిగి, మళ్లీ నేలకేసి వాలాయి.

"లక్ష్మణమ్మ గారు. కుక్క పేరు బుజ్జోడు. గోధుమ రంగు, ఎడమ చెవి చిరిగింది" అని చదివింది అరుణశ్రీ. "రండమ్మా."

లక్ష్మణమ్మ కుక్క తాడును చేతికి చుట్టుకుంది. పేటంతా వినేసింది. ఇక కొబ్బరికాయే.

డాక్టరమ్మ రెండో కాగితం తిప్పింది. "ఎల్లాజీ గారు. కుక్క పేరు టైగర్. గోధుమ రంగు, ఎడమ చెవి..." అని ఆగింది. ఫోటో చూసింది, కుక్కను చూసింది. మూడోది తీసింది. "హేమ గారు. చాక్లెట్. గోధుమ రంగు." నాలుగోది. అయిదోది. చివరిది చదివేసరికి ఆ పిల్లకు నవ్వు ఆగలేదు. "జగన్నాధం గారు. కుక్క పేరు భీమసేనుడు. ఎడమ చెవి చిరిగింది!"

పేటకు పెద్ద, ఎల్లాజీ చేత కొబ్బరికాయ కొట్టించిన మనిషి, డెబ్బై ఏళ్ల జగన్నాధం తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఓలమ్మో! పెద్దయ్యా, నువ్వు కూడానా?" అంది లక్ష్మణమ్మ. ఇన్ని రోజుల తర్వాత అదే ఆమె మొదటి అరుపు.

"నేనేటి సెయ్యనే? రోజూ నేను వల కుట్టుకుంటుంటే పక్కన కూకుంటాది. నా సోదంతా అదొక్కటే ఇంటాది" అన్నాడు ఆయన.

"గాలివాన రాత్రి నా పడవ తాడు తెగితే అరిసి లేపినాది అదే గదా వదినా" అన్నాడు ఎల్లాజీ. సాయంత్రం తన పాపను బడి నుంచి ఇంటికి తెచ్చేది ఆ కుక్కేనంది హేమ. అందరికీ ఓ కారణం ఉంది. పొద్దున్నుంచీ పన్నెండు మందీ ఒడ్డంతా దానికోసమే వెతికారట, ఒకరికి తెలియకుండా ఒకరు.

"బాగానే ఉంది కానీ, ఒక కుక్కకు ఒకే లైసెన్సు, ఒకే యజమాని" అంది అరుణశ్రీ. "అది ఎవర్నైనా కరిస్తే ఎవర్ని అడగాలి? ఏటేటా సూదికి ఎవరు తేవాలి? పదమూడు పేర్లు రాయలేను."

"గంగమ్మ తల్లి పేరు రాసీమ్మా" అన్నాడు ఎల్లాజీ.

"ఆధార్ ఉందా?"

అంతా జగన్నాధం వైపు చూశారు. ఆయన గడ్డం గోక్కుని, "అందరం తప్పు సేసినాం, అందరం కొబ్బరికాయలు కొడదాం. ముందు పంపకం కానీ. ఇళ్లకెల్లి ఎవుల గుర్తు ఆలు తెచ్చుకోండి. డాక్టరమ్మ పైదేశం మనిషి, ఆవిడే తీస్తాది" అన్నాడు.

ఏ పంపకం వద్దని లక్ష్మణమ్మ ఇంత దొంగతనం చేసిందో ఆ పంపకమే వచ్చి పడింది. మిగతావాళ్లు గుర్తుల కోసం ఇళ్లకు పరుగెత్తారు. ఆమె కదల్లేదు. చింతగింజ ఎప్పుడూ ఆమె కొంగు ముడిలోనే ఉంటుంది. కుక్క ఆమె పాదం మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది. ఇప్పుడు ఏ గవ్వకో, ఏ తాడు ముక్కకో ఇది రాసిపెట్టి ఉంటుంది. ఎవరికి వచ్చినా ప్రాణం దక్కుతుంది, అది నిజమే. కానీ వాళ్లు కట్టేసుకుంటే? మధ్యాహ్నం బండి దిగితే ప్లాట్‌ఫారం మీద తన కోసం ఎవరుంటారు? ఆ ఆలోచనకే ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఒక్కొక్కరే గుప్పిళ్లు బిగించుకుని వచ్చారు. జగన్నాధం తువ్వాలు సంచిలా పట్టుకుంటే, చేతులు లోపలికి పెట్టి వేశారు. లక్ష్మణమ్మ వంతు వచ్చింది. ఆమె కూడా చెయ్యి లోపలికి పెట్టింది. పెట్టింది కానీ, గుప్పిట విప్పలేదు. గింజ వేస్తే ఓడిపోతుంది, ముప్పై ఏళ్లుగా ఓడిపోతూనే ఉంది. వెయ్యకపోతే ఓడిపోయినట్టు కాదు గదా. బిగించిన గుప్పిట బిగించినట్టే బయటికి తీసి, పమిట కింద దాచుకుంది.

అరుణశ్రీ కళ్లు మూసుకుని, తువ్వాల్లో చెయ్యి కలియబెట్టి, ఒకటి తీసింది. వేళ్ల మధ్య నల్లగా మెరిసింది.

చింతగింజ.

"లక్ష్మణమ్మ!" అని అరిచింది హేమ. ఎల్లాజీ ఈల వేశాడు. దూరంగా నిలబడ్డ గంగరాజు గబగబా వచ్చి, అందరూ చూస్తుండగానే పెళ్లాం భుజం తట్టాడు. "నీ గింజే! ఇన్నేళ్లకి పలికినాది సూడే!"

లక్ష్మణమ్మ పమిట కింద గుప్పిట తడిమి చూసుకుంది. ఆమె గింజ ఆమె గుప్పిట్లోనే ఉంది, చెమటకు తడిసి అరచేతికి అంటుకుని.

"మిగతా గుర్తులు ఎవరివి వాళ్లు తీసుకోండి" అంది డాక్టరమ్మ. ఎవరూ ముందుకు రాలేదు. జగన్నాధం తువ్వాలు ముడి వెయ్యబోయాడు. లక్ష్మణమ్మ లాక్కుని, బల్ల మీద దులిపింది.

గవ్వ లేదు. తాడు ముక్క లేదు. బీడీ ముక్క లేదు. గలగలమని రాలినవన్నీ చింతగింజలే. డాక్టరమ్మ తీసినదానితో కలిపి పన్నెండు. ఏ ఇంటి గింజ ఆ ఇంటిదే, కొన్ని నున్నగా, కొన్నిటికి ఇంకా పండు పీచు అంటుకుని. తనొక్కడే వేశాననుకున్న ఎల్లాజీ నోరు తెరిచి హేమ వైపు చూశాడు. హేమ జగన్నాధం వైపు చూసింది. ఆయన సముద్రం వైపు చూస్తున్నాడు.

లక్ష్మణమ్మ గుప్పిట విప్పి, తన గింజను కూడా ఆ పన్నెండింటి మధ్య పెట్టింది. పెట్టి, ముఖానికి పమిట అడ్డం పెట్టుకుని భోరుమని ఏడ్చింది. కుక్క కంగారుగా లేచి ఆమె చుట్టూ తిరిగింది.

"అమ్మా, పేరు ఏమని రాయను?" అని అడిగింది అరుణశ్రీ. "బుజ్జోడు అనేనా?"

"నేదమ్మా. గంగమ్మ కుక్క అని రాయి." ఆమె ముక్కు తుడుచుకుని సంతకం చేసింది.

సూది వేశారు. మెడకు బిళ్ల కట్టారు. ఎల్లాజీ వెనక నుంచి మెల్లగా అడిగాడు. "మరి వదినా, మా పడవ సేప?"

లక్ష్మణమ్మ గిరుక్కున తిరిగి నడుము మీద చెయ్యి వేసింది. "ఒరే, ఎప్పట్లాగే ఎయ్యాలి! ఒక్క పడవోడు మానీసినాడంటే సూడండి, ఒక్కొక్కడి సంగతి సెప్తాను! యజమానిని నేనురా ఇప్పుడు!"

ఆ గొంతు స్టేషన్ దాకా వినిపించి ఉంటుంది. గంగరాజుకు మనసు కుదుటపడింది.