కల్వర్టు మీద తీగ

రెడ్యా చొక్కా జేబులో తీగచుట్ట దొరికిందని పత్రికల వాళ్లకు చెప్పింది మీరు. మందుపాతర పెడుతుంటే ఎదురుపడ్డామని, లొంగిపొమ్మంటే వినలేదని చెప్పిందీ మీరే. తుపాకి పేల్చిన వాళ్లూ వినండి, ఆ మాటను అచ్చేసి చేతులు దులుపుకున్న వాళ్లూ వినండి. ఆ మనిషి ఆ రోజు ఏం చేశాడో మీలో ఒక్కరూ అడగలేదు.

ఆ పొద్దున బూర్గంపాడు రోడ్డు పక్క రేకుల షెడ్డులో, జాకీల మీద లేపిన కారు కింద గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు రెడ్యా. నలభై దాటిన మనిషి. ఎలక్ట్రీషియన్. తీగల తొడుగు ఒలిచి ఒలిచి ముందుపన్ను ఒకటి గాడిపడింది. గోళ్ల కింది నలుపు ఏ సబ్బుకూ వదల్లేదు. చెవి మీద సగం కాల్చిన బీడీ.

కారు పగిడయ్యది. కిరాయికి తిప్పుతాడు. ఇంజన్‌కు కంప్యూటర్ ఉన్న రకం. పరుగులో ఉన్నట్టుండి స్పీడు ముల్లు సున్నాకు పడిపోతుంది. గేరుబాక్సు మీదున్న స్పీడు సెన్సరు నుంచి లెక్క అందకపోతే, బండి ఉరుకుతోందో నిలబడిందో ఆ కంప్యూటర్‌కు తెలియదు. బ్రేకు తొక్కి నెమ్మది చేయగానే ఇంజన్ ఆగిపోతోంది.

"పోయినవారం అడవి గేటు ముంగటనే ఆగింది అన్నా. వెనుక సీట్ల నొప్పులు పడే ఆడమనిషి. గేటుకాడి జవాను తుపాకి తెచ్చి అద్దానికి ఆనిచ్చిండు. మళ్ల గట్లయితే నా గుండె ఆగుతది," అన్నాడు పగిడయ్య.

ఆ గేటు రెడ్యాకూ తెలుసు. అతని తండా గేటు అవతలే. ఒకసారి షెడ్డు నుంచి ఇంటికి పోతుంటే జేబులో బెత్తెడు తీగముక్క కనిపించింది అక్కడి జవాన్లకు. ఎవరి కోసం తీసుకుపోతున్నావని ఎండలో మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. చీకటి పడ్డాక వదిలారు. ఆ రాత్రే భార్య ద్వాలి ఇంట్లో ఉన్న అతని చొక్కాలన్నీ ముందేసుకుని, జేబుల మూతులు ఎర్రదారంతో కుట్టేసింది. తర్వాత ఏ చొక్కా కొన్నా ముందు ఆ పనే.

పగిడయ్యకు అదొక నవ్వులాట. "జేబు లేని దొర, పైసలు యాడ పెడ్తవే?"

"నువ్విచ్చినప్పుడు చూస్తలే," అన్నాడు రెడ్యా కారు కింది నుంచి.

ఖమ్మం నుంచి తెప్పించిన కొత్త సెన్సరు నిన్ననే వేశాడు. అయినా అదే తీరు. ఇప్పుడు తాళం తిప్పి ఉంచి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. సెన్సరు తీగకు తగిలించిన పాత కరెంటు మీటరు ముల్లు సున్నా నుంచి అయిదుకు లేచింది, పడింది, మళ్లీ లేచింది. సెన్సరుకు కరెంటు వస్తోంది. ఎర్తు బాగుంది. తీగల కట్టను పట్టుకుని ఊపి చూశాడు. తప్పు దొరకలేదు.

వేడెక్కి, గుంతల్లో అదిరినప్పుడే తప్పు బయటపడుతుంది. అంటే అడవి రోడ్డు మీదే చూడాలి. సెన్సరు ప్లగ్గు దగ్గర రెండు పొడుగు తీగలు కలిపి, బానెట్ సందులోంచి కిటికీ దాకా తెచ్చి, మీటరును ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తీగలతోనే గేటు దాటాలి. రేపు చూద్దామా అన్నాడు. తెల్లవారితే ఇంకో గర్భిణిని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోవాలని పగిడయ్య చెప్పాడు.

"సరే పా. కల్వర్టు మీద మాత్రం ఆపకు."

ఆ రోడ్డున ఎవరూ ఆపరు. మందుపాతరలు దొరికేది కల్వర్టుల కిందే. అక్కడ ఆగిన బండిని అడవిలోని రెండు పక్కల వాళ్లూ, అన్నలూ పోలీసులూ, అనుమానిస్తారు.

గేటు దగ్గర పగిడయ్య ఇంజన్ ఆగకుండా బ్రేకుతో పాటు యాక్సిలరేటరూ తొక్కిపట్టాడు. జవాను కిటికీలోకి వంగాడు. "బండి చెకింగ్ సార్," అని రెడ్యా మీటరు ఎత్తి చూపించాడు. జవాను తీగలు చూశాడు, మీటరు చూశాడు, పొమ్మన్నాడు. ఈ మాట మళ్లీ వినండి. చూశాడు, పొమ్మన్నాడు.

అడవిలో కొంత దూరం పోయాక స్పీడు ముల్లు దబ్బున సున్నాకు పడింది. ఒళ్లోని మీటరు ముల్లు మాత్రం నడుమన వణుకుతూనే ఉంది. పొద్దుటి నుంచి మొదటిసారి రెడ్యా నవ్వాడు.

"సెన్సరు మంచిదే. కంప్యూటర్ దాకా పోయే తీగ నడుమ తెగింది. ఎనక్కి తిప్పు, షెడ్డుల పట్టుకుంట."

తిప్పడానికి జాగా కల్వర్టు దాటాక ఉంది. కల్వర్టు మీద గుంత. పగిడయ్య బ్రేకు తొక్కాడు. ఇంజన్ ఆగింది. కుదుపుకు తీగలు కిటికీలోంచి జారి చక్రానికి చుట్టుకుని పుటుక్కున తెగాయి. పగిడయ్య తాళం తిప్పితే ఇంజన్ అందుకుంది. కారు కల్వర్టు దాటింది. తెగిన తీగలు వెనక పడి ఉన్నాయి.

వదిలెయ్యమన్నాడు పగిడయ్య. రెడ్యా తలుపు తీశాడు.

"కల్వర్టు మీద తీగ ఇడిసిపెట్టి పోతే రేపు మా తండాల ఎవ్వర్నీ బతకనియ్యరు."

వెనక్కి నడిచాడు. టేకు ఆకు కదలడం లేదు. మోచేతికీ బొటనవేలికీ మధ్య తీగను చుట్టుకుంటూ, రెండు చుట్లకోసారి అటూ ఇటూ చూశాడు. ఒక కొస కల్వర్టు అంచు మీంచి కిందికి జారి ఉంది. దాని కోసం వంగాడు.

టైరు పేలిందనుకున్నాడు పగిడయ్య. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు మీద నిలబడిన మనిషి లేడు. ఇంజన్ నడుస్తూనే ఉంది.

లొంగిపొమ్మన్న మాట పగిడయ్య వినలేదు. అతన్ని మీరు అడగలేదు. గేటు దగ్గరి జవానునూ అడగలేదు. దవాఖానా ముందు ద్వాలి, రెడ్యా ఒంటి మీది చొక్కా ఒక్కటి ఇయ్యమంది, సాక్ష్యం అన్నారు, ఇవ్వలేదు.

సాక్ష్యమే. కాల్చిన వాళ్ల మీద హత్య కేసు పెట్టండి. జవాను చేత, పగిడయ్య చేత జడ్జి ముందు చెప్పించండి. ఆ చొక్కాను ఇప్పుడే, తండా అంతా చూస్తుండగా బయటికి తియ్యండి. నీలం చొక్కా. ఎడమ పక్క ఒకే జేబు. తీగచుట్ట దొరికిందన్న ఆ జేబు మూతికి, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ద్వాలి వేసిన ఎర్రదారం కుట్లు.