బల్ల మీద నిలిచిన పేజీ

పొద్దున తలుపు తీయగానే ఫ్యాను వేయకూడదు. ప్రభుత్వ ఒప్పందాల విభాగంలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు చెప్పే మాట అదొక్కటే. ముందు తలెత్తి పైకి చూడాలి. నిన్న సాయంత్రం బల్లల మీద వదిలేసిన దార్శనికత పేజీలు, ధ్యేయం పేజీలు తెల్లారేసరికి లేచి సీలింగుకి అతుక్కుని ఉంటాయి. చూసుకోకుండా ఫ్యాను వేశారా, అంతే సంగతులు. ఒకసారి నీటి సరఫరా సంస్థకీ గ్రంథాలయాల సంస్థకీ మధ్య జరగాల్సిన ఒప్పందం అలాగే ముక్కముక్కలై గదినిండా రాలింది. మళ్ళీ రాయడానికి పావుగంట కూడా పట్టలేదు. పైన అలాంటివే ఇంకో ఆరు ఉంటే, ఒకటి దించి పేర్లు మార్చారు.

దించేది గెడకర్ర బాబాయ్. చివర మెత్తటి గుడ్డ చుట్టిన పొడుగాటి గెడతో ఒక్కో పేజీనీ నెమ్మదిగా కిందికి లాగి, బల్ల మీద పరిచి, గాజు గుండు పెడతాడు. అటెండరుగా చేరిన ఇరవై ఏడేళ్ళ నుంచీ ఆయన పొద్దుటి పని అదే. మెడ పైకెత్తి ఎత్తి, ఎవరితో మాట్లాడినా వాళ్ళ నెత్తి మీదికి చూస్తూ మాట్లాడటం అలవాటైపోయింది. షరతుల పేజీలతో ఆయనకి బాధ లేదు. ఏ తారీకు, ఎన్ని కిలోమీటర్లు, ఎవరు జవాబు చెప్పాలి అని ఉన్నవి పెట్టినచోటే పడి ఉంటాయి. లేచేవి మొదటి రెండు పేజీలే.

ఆ రెండు పేజీలూ రాసేది ముసాయిదా అమ్మ. ఆవిడ పేరు హాజరు పట్టీలో ఉంది కానీ పిలిచేవాళ్ళు లేరు. యాభై తొమ్మిదేళ్ళు నిండాయి. రెండు ప్రభుత్వ శాఖలు చేతులు కలిపి ఏదన్నా చేయబోతున్నాయంటే, ఎందుకు చేస్తున్నారో, ఎక్కడికి చేరాలనుకుంటున్నారో ముందు ఆవిడే రాయాలి. రాయడం అంటే ఏముంది, పాతది పక్కన పెట్టుకుని టైపు చేయడమే. సమగ్రం, సుస్థిరం, పౌరులే కేంద్రంగా, ఉభయ పక్షాల పరస్పర సమన్వయంతో. వేళ్ళు వాటంతటవే పరిగెత్తేవి. ఒకసారి పేర్లు మార్చడం మర్చిపోతే, అగ్నిమాపక శాఖ పసిపిల్లల టీకాల కోసం అహర్నిశలూ పాటుపడుతున్నట్టు ఏడాదంతా ఉండిపోయింది. ఎవరూ అడగలేదు. అప్పట్లో ఆవిడా నవ్వుకుంది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఏది మర్చిపోయినా భయం పట్టుకుంటోంది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికినా, పొయ్యి కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చినా, అక్కకీ ఇలాగే మొదలైంది కదా అనుకునేది. అందుకని చీటీలు రాసుకోవడం మొదలుపెట్టింది. పాడైన పేజీల వెనకవైపు, ఒక్కో పేజీ నాలుగు ముక్కలు చేసి. పాలు. మోకాలి మందు. తాళం. ఆ చీటీలకి ఎప్పుడూ గుండు పెట్టాల్సిన అవసరం రాలేదు.

అక్క ఆవిడకన్నా ఏడేళ్ళు పెద్ద. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఊళ్ళో సగం నంబర్లు నోటికొచ్చేవి, పుస్తకం తెరిచేది కాదు. ఇప్పుడూ ఆ నంబర్లే ఉన్నాయి, మిగతావన్నీ పోయాయి. చెల్లెల్ని ఒక్కోరోజు "బుజ్జీ" అంటుంది, ఒక్కోరోజు "లైన్లో ఉండండి" అంటుంది. చలికాలంలో ఒకరోజు డ్యూటీకి టైమైందని చెప్పుల్లేకుండా బయల్దేరి, ఎక్స్‌ఛేంజి కూలగొట్టిన చోట కట్టిన బట్టల దుకాణంలో కౌంటరు వెనక్కి వెళ్ళి కూర్చుంది. అప్పటినుంచి ముసాయిదా అమ్మ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు బయటనుంచి తాళం వేస్తోంది. నీలం రంగు తలుపు, ఇత్తడి తాళం. తాళం పడ్డ చప్పుడుకి లోపల్నుంచి అక్క, "ఎవరూ?" అంటుంది. రోజూ అంటుంది. జవాబు చెప్పకుండా మెట్లు దిగడం చెల్లెలికి ఇంకా చేతకాలేదు.

రెండో తాళంచెవి పక్కింటి దర్జీ ఆవిడ దగ్గర ఉంది. మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి అన్నం పెట్టి, కాస్త కబుర్లాడి వచ్చేది. ఆ దర్జీ ఈ నెలాఖరుకి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఊరవతల పాత మిల్లు పక్కన, మతిమరుపు ముదిరిన పెద్దవాళ్ళు పగలంతా ఉండటానికి వైద్య శాఖ వాళ్ళది పగటి ఇల్లొకటి ఉంది. శుభ్రంగా ఉంటుంది, బాగా చూస్తారు. దానికి రెండు కిలోమీటర్ల ఇవతలే బస్సులు ఆగిపోతాయి. అక్కని అక్కడ దింపి ముసాయిదా అమ్మ ఆఫీసుకి చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. ఇళ్ళ తలుపుల ముందు నుంచి పగటి ఇంటిదాకా బస్సు నడపాలని వైద్య శాఖకీ బస్సుల సంస్థకీ ఒప్పందం ఉంది. ఐదేళ్ళుగా ఉంది. ఏటా ముసాయిదా అమ్మే రాస్తుంది, ఏటా లేచి సీలింగుకి అంటుకుంటుంది.

తను వెళ్ళేలోపు ఏదో ఒకటి చేయాలని దర్జీయే ఒక దారి వెతికింది. "మా మరిదికి వ్యాను ఉందిగా అక్కయ్యా. ఏమేం చూసుకోవాలో ఒక కాగితం మీద రాసివ్వు, అడిగి చూస్తా" అంది. ముసాయిదా అమ్మ రాసిచ్చింది. మరిది ఆ దూరం తన వల్ల కాదన్నాడు. కాగితం తిరిగొచ్చి ఆవిడ ఫైల్లో చేరింది.

ఆ మర్నాడు సాయంత్రమే ఆరో ఏటి ఒప్పందం టైపు చేయాల్సి వచ్చింది. రాత్రంతా అక్క నిద్రపోనివ్వలేదు. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఫైల్లోంచి చేతికొచ్చింది పక్కన పెట్టుకుని, ఆ కాగితం చూస్తూ ఉంటే వేళ్ళు వాటంతటవే పరిగెత్తాయి. రెండు నకళ్ళు తీసి బల్ల మీద పెట్టి, తాళం గుర్తొచ్చి ఇంటికి పరుగెత్తింది. గుండు పెట్టడం కూడా మర్చిపోయింది.

పొద్దున వచ్చేసరికి గెడకర్ర బాబాయ్ గెడ పక్కన పడేసి బల్ల మీదికి వంగి ఉన్నాడు. ఆయన కిందికి చూస్తుండటమే వింత.

"అమ్మా, ఇవి లేవట్లేదు" అన్నాడు.

"ఏవి బాబాయ్?"

"దార్శనికత. ధ్యేయాలు రెండూ పైనున్నాయి, చూడండి. ఇవి మాత్రం చేత్తో ఎత్తినా రావట్లేదు. గోరు కూడా దూరట్లేదు."

ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని చదివింది.

"తొమ్మిదిన్నరకి నీలం తలుపు దగ్గరికి బండి రావాలి. హారన్ కొట్టకూడదు, దిగి తలుపు తట్టాలి. ఎక్కేటప్పుడు కుడి చెయ్యి పట్టుకోవాలి, ఎడమ మోకాలు వంగదు. పేరు అడగకూడదు, పేరు తెలియకపోతే భయపడుతుంది. నంబరు అడగాలి, ఏదో ఒకటి చెబుతుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టాలి. సాయంత్రం వెలుగుండగానే ఇంటికి చేర్చాలి. ఎవరినీ లోపల పెట్టి బయటనుంచి తాళం వేయాల్సిన పని రాకూడదు."

పైన పెద్ద అక్షరాల్లో, దార్శనికత. కింద, ఉభయ పక్షాలు.

ముసాయిదా అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కాగితం గురించి కాదు ఆవిడ భయం. నిన్న టైపు చేసినంతసేపూ తను ఏం చేస్తోందో తనకి తెలియలేదు. అంతే కదా, అలాగే కదా మొదలయ్యేది. పదకొండింటికి సంతకాలు. అప్పటికి తొమ్మిదీ నలభై.

పాతది తీసి, ఒక్కో మాటా వేలితో పొడుచుకుంటూ, పెదవులు కదుపుతూ టైపు చేసింది. తప్పు లేదని మూడుసార్లు చదివింది. ప్రింటరు నోట్లోంచి పేజీ బయటికొస్తూనే ఆవిడ చెయ్యి తప్పించుకుని పైకి పోయింది. రెండోది దాని వెనకే.

అంతలో బస్సుల సంస్థ అధికారిణి వచ్చేసింది, గంట ముందే. వేరే చోట ఇంకో సంతకం ఉందట, ఇది తొందరగా కానివ్వమంది. వైద్య శాఖ పెద్దాయనకి ఫోన్లు వెళ్ళాయి, ఆయనా చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. సంతకాలు ఆ గదిలోనే జరగాలి. వరండాలో గాలికి పేజీలు నిలవవు. ఫ్యాను కట్టేసి, కిటికీలు మూసి, అందరూ ఉడికిపోతూ బల్ల చుట్టూ కూర్చున్నారు. సూపరింటెండెంటు మర్యాదలు చేస్తూ నల్లరాతి గుండ్లు సర్దుతున్నాడు.

గెడకర్ర బాబాయ్ ముసాయిదా అమ్మ పక్కకి వచ్చి, ఆవిడ నెత్తి మీదికి చూస్తూ చిన్నగా అడిగాడు. "దించమంటారా?"

ఆవిడ గోడగడియారం చూసింది. పదిన్నర. ఈపాటికి అక్క తలుపు దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని ఉంటుంది. లైన్లో ఉండండి, లైన్లో ఉండండి అనుకుంటూ. ఇంకో తొమ్మిది రోజులైతే మధ్యాహ్నం తాళం తీసేవాళ్ళు కూడా ఉండరు.

"ఉండనీ బాబాయ్" అంది.

ప్రతి పేజీ మీదా పొట్టి సంతకం చేయాలి కదా, అధికారిణి అలవాటుగా చదవకుండా మొదటి పేజీ మీద గీసి, మూల పట్టుకుని తిప్పబోయింది. పేజీ కదల్లేదు. మళ్ళీ లాగింది. వైద్య శాఖాయన సాయం పట్టాడు, లేవలేదు. తిప్పడానికి రాని పేజీని ఏం చేస్తారు, చదవాల్సిందే. ఆవిడ చదివింది. ఆయన కూడా మెడ చాచి చదివాడు.

"ఎవరిదిది?" అంది అధికారిణి.

"నాదేనండి" అంది ముసాయిదా అమ్మ. "పొరపాటున టైపయింది. ఆ తలుపు మాది. లోపలున్నది మా అక్క. సరైన పేజీలు పైనున్నాయి."

అందరూ తలలెత్తారు. సరైన పేజీలు ట్యూబులైటు పక్కన తళతళలాడుతున్నాయి. గెడకర్ర బాబాయ్ గెడ తీసుకోవడానికి వెళ్ళినవాడల్లా, దాన్ని గోడకి ఆనించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అధికారిణి చాలాసేపు పైకి చూసింది. తర్వాత కిందికి చూసింది. బాగా అలిసిపోయిన మొహం ఆవిడది. "పద్దెనిమిదేళ్ళుగా దార్శనికతల మీద సంతకాలు పెడుతున్నా. టైము వేసి ఉన్నది ఇదే చూడటం" అంది. ఆ మాటలో మెచ్చుకోలు ఉందో, విసుగు ఉందో ఎవరికీ తెలియలేదు. వైద్య శాఖాయన వైపు తిరిగి అడిగింది. "కుడి చెయ్యి ఎవరు పట్టుకుంటారు? మా కండక్టరా, మీ ఆయానా?"

ఆరేళ్ళలో ఆ రెండు శాఖలూ ఒకర్నొకరు అడిగిన మొదటి ప్రశ్న అది. ఆయాని బండిలో పంపలేమన్నాడాయన. కండక్టరు దిగితే బండి ఆలస్యమవుతుందని ఈవిడంది. అయితే ఆ దారిలో ఒక స్టాపు తగ్గించండి అని ఆయన. నీలం తలుపు ఒక్కటేనా, ఆ వీధుల్లో ఇంకెన్ని తలుపులున్నాయి అని ఈవిడ. ఫ్యాను లేని గదిలో గంటన్నర మాట్లాడుకుని, విసిగి, తిప్పడానికి రాని పేజీని తిప్పకుండానే మిగతావాటి మీద సంతకాలు పెట్టారు. జత చేసి ఉన్న రెండు బల్లల్నీ విడదీసి, ఒక్కో నకలునీ నలుగురేసి పట్టి దాని బల్లతో సహా ఒక్కో ఆఫీసుకి మోసుకెళ్ళారు.

సూపరింటెండెంటు మంచివాడే, కానీ ఉద్యోగం ఉద్యోగమే. ఎందుకిలా జరిగిందో రాతపూర్వకంగా చెప్పమన్నాడు. ముసాయిదా అమ్మ రెండే వాక్యాలు రాసిచ్చింది. ఆయన దాన్ని ఫైల్లో పెట్టబోయి, బరువు తూచినట్టు చేతిలో కాసేపు పట్టుకుని, సొరుగులో పెట్టుకున్నాడు.

అయినా మర్నాడే బస్సు వచ్చేసిందనుకుంటే పొరపాటు. ఆ పేజీ రెండు ఆఫీసుల్లోనూ పెద్దల ముందు వేసిన ఆ బల్లల మీదే ఉండిపోయిందట. ఎవరెంత పట్టినా బీరువాకి చేరలేదు. టీ గ్లాసు దాని మీదే పెట్టాలి, భోజనం డబ్బా దాని మీదే తెరవాలి, అల్లుడికి పెళ్ళిరోజు శుభాకాంక్షలు దాని మీదే రాయాలి. ఎటు చూసినా ఎడమ మోకాలు వంగదు. దర్జీ వెళ్ళిపోయింది. పదకొండు రోజులు ముసాయిదా అమ్మ ఉన్న సెలవులన్నీ ఊడ్చిపెట్టి ఇంట్లో కూర్చుంది. పన్నెండో రోజు సెలవు లేదు. పొద్దున్నే అక్కకి జడ వేసి, ఇత్తడి తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

తొమ్మిదిన్నరకి ఎవరో తలుపు తట్టారు.

చీర మీద ఖాకీ చొక్కా వేసుకున్న కండక్టరమ్మ. జేబు ఒకపక్కకి వేలాడుతోంది. అందులోంచి మడత కాగితం తీసి, పక్కకి తిరిగి పాఠం అప్పజెప్పుకున్నట్టు ఒకసారి చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టేసింది. ఆ దార్శనికత పేజీయే అది. నిన్న సాయంత్రం బల్ల మీంచి మామూలు కాగితంలా లేచి చేతికొచ్చిందట, ఇదిగో ఇంక నువ్వే చూసుకో అని అధికారిణి ఇచ్చేసిందట. కండక్టరమ్మ కుడి చెయ్యి చాపి అడిగింది.

"నంబరు చెప్పండమ్మా."

అక్క నడుం నిటారుగా పెట్టింది. "రెండు ఏడు సున్నా నాలుగు" అంది. "కలుపుతున్నాను, లైన్లో ఉండండి." ఆ చెయ్యి పట్టుకుని మెట్లు దిగి, కిటికీ పక్కన కూర్చుంది. బస్సు వెళ్ళాక చెల్లెలు గుమ్మంలో కాసేపు నిలబడిపోయింది. లోపల్నుంచి ఎవరూ "ఎవరూ?" అనలేదు.

ఏడాది తిరిగేసరికి ఆ ఒప్పందం పొడిగింపుకి వచ్చింది. ముసాయిదా అమ్మకి ఆఫీసులో అవి ఆఖరి రోజులు. ఈలోపు కళ్ళజోడు రెండుసార్లు పోయింది, ఒకసారి ఇంటికెళ్ళే వీధి మలుపు దగ్గర ఎటో తెలియక నిలబడిపోయింది. ఎవరికీ చెప్పలేదు. పోయినేటి నీలం తలుపు పేజీ నకలు పక్కన పెట్టుకుని, ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఒక్క మాటా పోకుండా టైపు చేసింది. చివర ఇంకో వాక్యం కలిపింది.

"నీలం తలుపు దగ్గర కొన్నాళ్ళకి ఇద్దరు ఎక్కాల్సి రావచ్చు. కిటికీ పక్క సీటుకి పక్కదీ ఉంచాలి. రెండో ఆవిడకి నంబర్లు తెలియవు. బుజ్జీ అని పిలిస్తే పలుకుతుంది."

గెడకర్ర బాబాయ్ గెడ పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆవిడ గుండు పెట్టకుండా పేజీని బల్ల మీద వదిలింది. ఇద్దరూ టీ తాగారు. గ్లాసులు చల్లారాయి.

పేజీ లేవలేదు.

బాబాయ్ వెళ్ళి ఫ్యాను వేశాడు.