బిందు పోసిన చెరువు నీళ్ళు

కలిదిండి చుట్టుపక్కల చేపల లారీ ఉన్న ఇంట్లో పొద్దున్నే జరిగే మొదటి పని టీ పెట్టడం కాదు, లారీకి నీళ్ళు పోయడం. అది ఆడవాళ్ళ పని. ఇంటి వెనక చెరువులో బిందె ముంచి, బంపరెక్కి, రేడియేటర్ మూత తీసి, అంచుదాకా పోసి బిగిస్తారు. ఎందుకంటారా? ఇంటి నీళ్ళు ఇంటికే వస్తాయి గనక. కొల్లేటి పక్క నీళ్ళు ఎక్కడ ఒలికినా సరే, కాసేపు ఆగి, ఇల్లు ఎటుంటే అటు పాక్కుంటూ బయల్దేరతాయి. ఆ నీళ్ళు కడుపులో ఉన్న బండీ అంతే, విశాఖపట్నం వెళ్ళినా కలకత్తా వెళ్ళినా తిరిగి ఇంటిముఖం పడుతుంది. ఇందులో వింతేం లేదు. వింతల్లా ఏమిటంటే, చెరువు రొయ్యల చెరువైపోయాక కూడా ఆ ఉప్పు నీళ్ళే పోస్తున్నారు. చెప్తే వింటారా? వినరు.

బిందు ఎనిమిదేళ్ళ నుంచి పోస్తోంది. ఒక్క రోజు మానలేదు. జ్వరం వచ్చినా లేచి పోసింది. దానికో కారణం ఉంది. వాళ్ళ నాన్న ఏలీయా కూడా డ్రైవరే. పన్నెండేళ్ళ కిందట బరంపురం దగ్గర బండి వేడెక్కితే, దగ్గర్లో దొరికిన కాలవ నీళ్ళు నింపాడు. అంతే, ఆ లారీ ఎటు వెళ్ళినా మళ్ళీ బరంపురమే చేరేది. కొన్నాళ్ళకి ఆయనా అక్కడే ఉండిపోయాడు. క్రిస్మస్‌కి ఫోన్ చేస్తాడు, మనిషి మాత్రం రాడు. అందుకని మొగుడు నెల్సన్ బండిలో వేరే ఊరి నీళ్ళు చుక్క పడనివ్వదు బిందు. నెల్సన్ అసలే కాలు నిలవని మనిషి. ఇంట్లో రెండు రోజులుంటే మూడో రోజు గుమ్మంలో నిలబడి రోడ్డు చూస్తాడు.

ఆ శనివారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ మోగింది.

"బిందూ, మళ్ళీ పొగలు కక్కిందే. తాడేపల్లిగూడెంలో, హైవే పక్కన భీమశంకరం గారి షెడ్డులో ఉన్నాను. నీళ్ళు తీసుకునిరా."

"ఐసు ఎంతసేపాగుతుందండీ?"

"నాలుగింటిదాకా. ఆలోపు బయల్దేరితే దారిలో కొత్త ఐసు వేయించుకుంటాను. ఈసారి చేప మెత్తబడితే ఇంక లోడివ్వనన్నాడు షావుకారు. నీకు తెలుసుగా."

తెలుసు. రెండు నెలల్లో ఇది మూడోసారి. బిందు రెండు డబ్బాల్లో చెరువు నీళ్ళు నింపుకుని భీమవరం బస్సెక్కింది. అక్కడ దిగి గూడెం బస్సెక్కింది. డబ్బాల్లో నీళ్ళు దారిపొడవునా వెనక్కి వెనక్కి కొట్టుకుంటుంటే కాళ్ళతో అదిమిపెట్టి కూర్చుంది. కండక్టరు టిక్కెట్టు కొడుతూ, "ఇంటి నీళ్ళామ్మా? మూత గట్టిగా బిగించండి" అన్నాడు.

ఆవిడ వెళ్ళేసరికి పన్నెండైంది. నెల్సన్ లారీ చుట్టూ తిరుగుతున్నాడు. ఎన్ని చుట్లు తిరిగాడో, చెప్పుల కింద దుమ్ములో దారి పడింది. ట్రేల్లోంచి ఐసు నీళ్ళు టపటపా కారి, నేలమీద పడి, పడమటి వైపు పాకి వెళ్ళిపోతున్నాయి. భీమశంకరం బానెట్టులో తల పెట్టి తిట్టుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి. చెయ్యి మంచిది, నోరు కాదు.

"రేడియేటర్లో ఈ పసుపేంటయ్యా? పప్పు వండుతున్నావా?"

"చిన్న లీకైతే పసుపేస్తే ఆగిపోతుందంటారు కదండీ. రెండు పొట్లాలేశాను."

"లీకు ఆగలేదు, దారులన్నీ పూడాయి. మీకీ వైద్యాలు ఎవరు చెప్తారయ్యా బాబూ!"

"ఏలూరులో ఇద్దరు చూశారండి. ఒకాయన ఇంజన్ హెడ్డు విప్పాలన్నాడండి."

"విప్పేవాడికేం, విప్పుతాడు. పది రోజులు బండి కూర్చుంటుంది. ఆయిల్లో నీళ్ళు కలిశాయా? లేదు. పొగ తెల్లగా వస్తోందా? లేదు. ఇంజన్ వేస్తే రేడియేటర్లో బుడగలొస్తున్నాయా? అదీ లేదు. మరి హెడ్డు జోలికెందుకు?"

ఇంజన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి, దాని చోట గేజీ ఉన్న చేతి పంపు బిగించి గాలి కొట్టాడు. ముల్లు ఎక్కింది. చూస్తుండగానే కొంచెం కొంచెంగా దిగడం మొదలుపెట్టింది. ఎక్కడో కారుతోందన్నమాట. హోసు పైపులన్నీ తడిమాడు, పొడి. వాటర్ పంపు కింద వేలు పెట్టాడు, పొడి. టార్చి పట్టుకుని బండి కింద దూరాడు, అక్కడా పొడే. ముల్లు మాత్రం దిగుతూనే ఉంది.

"దెయ్యంలా ఉందే ఇది" అని బయటికొచ్చి కూర్చున్నాడు.

ఒంటిగంట దాటింది. నెల్సన్ ట్రేల మీద పట్టా ఎత్తి చూసి, దించి, మళ్ళీ ఎత్తాడు. బిందు కూర్చోలేక నిలబడింది, నిలబడలేక డబ్బాలు ఇటునుంచి అటు జరిపింది. చూసేవాళ్ళకే కాళ్ళు పీకేలా ఉన్నారిద్దరూ.

"బాబాయిగారూ, ఒక మాట చెప్పనా అండీ" అంది చివరికి. "వచ్చేటప్పుడు ఎప్పుడూ వేడెక్కలేదండి. తెల్లారి నేను చూస్తాను కదండీ, తిరిగొచ్చిన బండికి చెంబెడు నీళ్ళు కూడా పట్టవు. ఆగిన మూడుసార్లూ వెళ్ళేటప్పుడేనండి."

భీమశంకరం ఆవిడ వంక చూశాడు. లారీ వంక చూశాడు. లారీ మూతి పడమటికుంది. ఇంటి నీళ్ళున్న బండిని ఇంటివైపు మూతి పెట్టి ఆపడం ఇక్కడి మర్యాద, ఏ షెడ్డులోనైనా అంతే. ఏలూరు మెకానిక్కులూ అలాగే ఆపి ఉంటారు.

"ఓరి నా తెలివి మండా! ముందుకు లాగే నీళ్ళు వెనక కన్నంలోంచి ఎందుకు కారతాయి? గాలి ఒక్కటే పోతుంది. నెల్సన్, బండి తిప్పు. మూతి తూర్పుకి పెట్టు."

"నీళ్ళు నొచ్చుకుంటాయండి."

"నొచ్చుకోనీ. తిప్పు."

తిప్పారు. ముసలాయన మళ్ళీ గాలి కొట్టి, సెల్ఫ్ మోటార్ విప్పించి, దాని వెనక టార్చి వేశాడు. లోపల నీళ్ళు ఇంటివైపు ఒత్తుకుంటున్న చప్పుడు బయటికి వినిపించింది. ఇంజన్ బ్లాకు పక్కన, డబ్బా మూతల్లాంటి చిన్న రేకు బిళ్ళలు కొన్ని కొట్టి ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా వెనకున్న బిళ్ళ అంచున పసుప్పచ్చని చుక్క ఒకటి పుట్టింది. లావైంది. జారింది. కింద పడకుండానే బ్లాకు వెంట పడమటికి పాకింది.

"దొరికావు" అన్నాడు భీమశంకరం. "ఇంజన్ కాగాక, కారింది కారినట్టే ఆవిరైపోతోంది. ఇంకెవడికి కనిపిస్తుంది?"

నీళ్ళు దింపేసి, ఉలితో బిళ్ళ అంచున ఒక్క దెబ్బ కొట్టి, పట్టుకారుతో లాగాడు. బిళ్ళ ముక్కలై ఊడొచ్చింది. వేలితో నొక్కితే అవతలికి కన్నం పడింది.

"ఏం నీళ్ళు పోశారమ్మా దీనికి?"

"మా చెరువు నీళ్ళండి. ఎనిమిదేళ్ళ నుంచీ అవేనండి."

"రొయ్యల చెరువా?"

బిందు తలూపింది.

"ఎనిమిదేళ్ళు ఉప్పు తాగించావమ్మా తల్లీ. తినేసింది."

బిందు ఆ బిళ్ళ ముక్క చేతిలోకి తీసుకుని చూసింది. మొగుణ్ణి ఇంటికి చేరుస్తుందనుకున్న నీళ్ళే నడిరోడ్డు మీద ఆపేస్తున్నాయన్నమాట. తన చేత్తోనే పోసింది. ఆమెకి కళ్ళనీళ్ళొచ్చాయి, సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది.

భీమశంకరం బిళ్ళ ఊడిన గూట్లో తుప్పంతా గీకి, గమ్ము పూసి, కొత్త ఇత్తడి బిళ్ళ పెట్టి సుత్తితో దించాడు. పసుపంతా పోయేదాకా రేడియేటర్ కడిగాడు. అప్పటికి రెండున్నర. కూలెంటు డబ్బా తెచ్చి ముందర పెట్టాడు.

"ఇక మీదట ఇదీ, సీలున్న డబ్బా నీళ్ళూ. చెరువు నీళ్ళు చుక్క పడినా నా షెడ్డుకి రావద్దు."

"ఇవి ఏ ఊరివండీ?" అంది బిందు.

"ఏ ఊరివీ కావమ్మా. ఫ్యాక్టరీవి."

"అయితే బండి ఇంటికెలా వస్తుందండి?"

ఎవరూ నవ్వలేదు. నవ్వే మాట కాదది. భీమశంకరం తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

"నేను నడుపుతున్నాను కదే, నేను తెస్తాను" అన్నాడు నెల్సన్. అన్నాడే గానీ కళ్ళు హైవే మీదే ఉన్నాయి.

"మా నాన్న కూడా నడిపాడండి" అంది బిందు.

నెల్సన్ మళ్ళీ పట్టా ఎత్తి చూశాడు. ఐసు నీళ్ళు టపటపా పడుతూనే ఉన్నాయి. తానిప్పుడు ఒద్దంటే లోడు పోతుంది, లోడు పోతే లారీ పోతుంది. ఊఁ అంటే మనిషి పోతాడేమో. బిందు కాసేపు అటూ ఇటూ నడిచింది. తర్వాత వంగి, మోసుకొచ్చిన రెండు డబ్బాల మూతలూ తీసి, నేలమీద పారబోసింది. నీళ్ళు ఒక్క క్షణం ఆగి, ఒక పాయగా చేరి, రోడ్డు వారనుంచి పడమటికి సాగిపోయాయి. అటుగా వస్తున్న ఆటో పక్కకి తప్పుకుని వాటికి దారిచ్చింది.

"పోయండి బాబాయిగారూ" అంది.

కూలెంటు పోశారు. ఇంజన్ వేసి అరగంట ఉంచారు. వేడి ముల్లు సగం దగ్గర నిలబడింది, కదల్లేదు. ఇత్తడి బిళ్ళ చుట్టూ పొడిగా ఉంది. నెల్సన్ ఎక్కి తలుపు వేసుకునేసరికి అటుపక్క తలుపు తెరుచుకుంది.

"నువ్వెక్కడికే?"

"మీతోనే. ఇంటికి లాగేది ఒకటుండాలిగా బండిలో."

"విశాఖపట్నమే! తిరిగొచ్చేసరికి ఎల్లుండవుతుంది."

"అవనీండి." ఫోన్ తీసి అత్తగారు ఎలిజబెత్‌కి చేసింది. "అత్తా, కోళ్ళని మీరే మూసుకోండి. నేను ఊరెళ్తున్నాను." అవతల ఏమన్నారో వినకుండానే పెట్టేసింది.

తాడేపల్లిగూడెం దాటి తూర్పుకెళ్ళడం బిందుకి అదే మొదలు. మొదట్లో సీటు అంచున బిగుసుకు కూర్చుంది. రావులపాలెం దాటాక వెనక్కి ఆనుకుంది. గోదావరి వంతెన మీద అద్దం మొత్తం దించి, తల బయటపెట్టి గాలికి నోరు తెరిచింది. నెల్సన్ వేడి ముల్లు చూశాడు. సగం దగ్గరే ఉంది.

"ఏమే, వెనక్కి వెళ్ళాలనిపిస్తోందా?"

బిందు చాలాసేపు ఆలోచించింది. అబద్ధం ఆడటం ఆవిడకి రాదు.

"లేదండి" అంది. "అస్సలు అనిపించట్లేదు. విశాఖపట్నం తర్వాత ఏ ఊరొస్తుందండీ?"

నెల్సన్ నవ్వబోయి ఆగిపోయాడు. పెళ్ళయిన ఈ ఎనిమిదేళ్ళలో మొదటిసారి, ఎల్లుండి ఎలాగైనా ఇల్లు చేరాలని అతనికి గట్టిగా అనిపించింది.