ఎటు కలిపినా వెలిగేదే

తెప్ప మీద నిలబడి రొయ్యలకి మేత జల్లుతూనే అప్పన్న చెరువు ఆ మూలకి చెవి ఒగ్గాడు. నీళ్లకి గాలి అందించే ఏరేటరు మోత తేడాగా ఉంది. దాని మోటారు నిన్ననే రిపేరుకెళ్లి వచ్చింది. నీళ్లని ముందుకి చిమ్మాల్సిన రెక్కలు వెనక్కి తోస్తున్నాయి.

గట్టెక్కి, మెయిన్ దించి, మోటారుకున్న మూడు వైర్లలో రెంటిని అటూ ఇటూ మార్చి బిగించాడు. రెక్కలు బుద్ధిగా ముందుకి తిరిగాయి. కరెంటు గురించి అతనికి తెలిసిన శాస్త్రమంతా ఇదే. తేడాగా తిరిగితే రెండు వైర్లు మార్చు, సరిపోతుంది. ఉప్పలగుప్తం చెరువుల మీద ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కసారీ తప్పలేదు.

అప్పన్న గురించి చెప్పుకోడానికి ఏముంది గనక? పొట్టి మనిషి. ఉప్పునీళ్లలో నాని కాలివేళ్ల సందులు తెల్లగా చివికిపోయి ఉంటాయి. మీసం ఒక పక్కే నెరిసింది. చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని, గొంతు బయటికి రాకుండా పాటకి పెదాలు కదుపుతాడు. ఎవరితోనూ తగువు పడలేదు. అందుకే కాబోలు, ఎవరి మాటల్లోనూ అతని ఊసు రాదు.

ఆ రోజు మాత్రం అతని మొహంలో పెళ్లికళ ఉంది. భార్య రూతు కంట్లో శుక్లానికి ఆపరేషన్ చేయించుకుని, కూతురు షైనీతో కలిసి సాయంత్రం బస్సుకి అమలాపురం నుంచి వస్తోంది.

రూతు ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. "ఇల్లు మసగ్గా ఉంటందయ్యా, సూదిలో దారం ఎక్కట్లేదు" అని చాన్నాళ్లుగా అంటూనే ఉంది. అన్నప్పుడల్లా అతను ఇంకాస్త పెద్ద బల్బు తెచ్చి పెట్టాడు. మసక ఇంట్లో లేదు, ఆవిడ కంట్లో ఉందని డాక్టరు చెప్పేదాకా ఇద్దరికీ తట్టలేదు. ఆ మాట విన్న రోజు అప్పన్న చెరువు గట్టున కూర్చుని ఏడ్చాడు. పక్కనే ఉండి కూడా కనిపెట్టలేకపోయానే అని అతని బాధ.

మధ్యాహ్నం చెరువు యజమాని ముత్యాలరాజు దగ్గరికి వెళ్లాడు. "రాజుగారండీ, ఇయ్యాల కాస్త ముందే ఎల్తానండి. ఇంటికాడ కొత్త లైటు బిగించాలండి. మా ఆడమనిషి కట్టు విప్పేతలికి ఇల్లు తెల్లగా కనపడాలండి."

"లైటు చూడ్డానికేనా ఆపరేషనూ?" రాజుగారు నవ్వారు. "ఎవడైనా ఎలక్ట్రీషియన్ని పిలవకపోయావా?"

"ఆయ్, లైటుకి వేరే మనిషెందుకండీ? ఇక్కడ ఏరేటర్లే బిగిస్తన్నాను కదండీ."

"సరే, ఎల్లిరా."

ఇల్లు కట్టుకున్నప్పుడు వైరింగు కూడా తనే చేసుకున్నాడు, చెరువు మీద మిగిలిపోయిన నీలం వైరుతో. ఇల్లంతా ఆ నీలమే. ఏది కరెంటు తెచ్చేదో, ఏది తిరిగి తీసుకెళ్లేదో రంగు చూసి చెప్పే వీల్లేదు. కొత్త లైటు బిగించి, స్విచ్చు కూడా పాతబడిందని ఫీజు పీకి బోర్డు విప్పాడు. విప్పేటప్పుడు ఏ వైరు ఎక్కడుందో గుర్తు పెట్టుకోలేదు. ఉన్నవి రెండేగా, అటైనా ఇటైనా ఒకటే అనుకున్నాడు. స్విచ్చు మీదుగా పోవాల్సిన కరెంటు వైరుని తిన్నగా లైటుకి కలిపేశాడు. తిరిగి వెళ్లే వైరు స్విచ్చుకి వచ్చింది.

ఫీజు పెట్టి స్విచ్చు వేశాడు. ఇల్లు పట్టపగలైపోయింది. ఆర్పితే ఆరింది, వేస్తే వెలిగింది. ఇంకేం కావాలి? పైనుంచి రాలిన సున్నం చూస్తే రూతు ఊరుకోదని, తడిబట్ట పెట్టి నేలంతా తుడిచాడు.

పక్కింటి లీలావతి గుమ్మంలోంచి తొంగిచూసింది. "బాగుంది అన్నయ్యగారూ. వదినకి ఇంక మసక మాటే ఉండదు."

"ఆయ్. కాస్త వణుకుతున్నట్టుందమ్మా. పైన వైరు వదులైనట్టుంది. ఆళ్లొచ్చేలోగా బిగించేత్తాను."

లీలావతి పిండిమరకి వెళ్లిపోయింది. అప్పన్న స్విచ్చు ఆర్పాడు. ఫీజు మళ్లీ పీకలేదు, లైటు ఆరింది కదా అని. తడినేల మీద ఇనప కుర్చీ వేసుకుని ఎక్కాడు. టేపు విప్పి, రాగి తీగని వేళ్లతో మెలిపెట్టబోయాడు.

కుర్చీ పడిన చప్పుడు ఎవరూ వినలేదు.

పొద్దు గుంకే వేళకి తల్లీకూతుళ్లు బస్సు దిగి ఆటోలో ఇంటికొచ్చారు. రూతు ఒక కంటికి కట్టు, రెండో కంటికి ఎప్పటి మసకే. గుమ్మంలో ఆగి, "చీకట్లో ఏం చేత్తన్నావయ్యా?" అంది. షైనీకి నేల మీద పడి ఉన్న తండ్రి కనపడ్డాడు. ఆ పిల్ల తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని లోపలికి అడుగు వెయ్యనివ్వలేదు.

సమాధి చేసి వచ్చాక, ముత్యాలరాజు పంపిన ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి చూశాడు. "స్విచ్చు తప్పు వైరుకి పడిందండి. లైటు ఆరినా పైన కరెంటు ఆగలేదండి," అన్నాడు తలొంచుకుని. బోర్డు మూస్తూ, "కాళ్లకి చెప్పులుంటే బతికేవోరేమోనండి," అన్నాడు.

రూతు ఉలిక్కిపడింది. వారం వారం పదిమంది ప్రార్థనకి కూర్చునే ఇల్లు, చెప్పులతో లోపలికి రావద్దని కాపురానికొచ్చిన కొత్తలోనే మొగుడికి చెప్పింది. అతను ఒక్కనాడూ ఆ మాట మీరలేదు. నా నోటితో నేనే చెప్పానే అనుకుంది.

కట్టు అప్పటికే విప్పేశారు. గోడ మీది పగుళ్లూ, తలుపు చెక్క మీది గీతలూ అన్నీ కొత్తగా, విడివిడిగా కనపడుతున్నాయి. గుమ్మం బయటికి చూసింది. మెట్టు కింద అతని రబ్బరు చెప్పులు, మడమల దగ్గర అరిగి, అంచులకి చెరువు ఉప్పు తెల్లగా పట్టి, పక్కపక్కనే ఉన్నాయి.