గుప్పెడు తవుడు

నా మొగుడు పొత్తిగుడ్డలు ఉతికిన రోజే నాకు మొదటి అనుమానం వచ్చింది.

కాన్పయి నాలుగో రోజు. ఆస్పత్రి నుంచి కంప్లిలోని మా అత్తగారింటికి తెచ్చి, మధ్య గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. ఆ కిటికీలోంచే చూశాను. పెరట్లో శివరాజ్ లుంగీ ఎగ్గట్టి, బకెట్టు ముందు గొంతుక్కూర్చుని పాప గుడ్డలు ఉతుకుతున్నాడు. ఆరేళ్ళ కింద పెద్దది గౌతమి పుట్టినప్పుడు, ఒళ్ళో పడుకోబెట్టుకున్న బిడ్డ చొక్కా తడిపిందని "దీన్ని ఎత్తుకోమ్మే జల్దీ" అని అరిచి స్నానానికి పరిగెత్తిన మనిషి ఇతనే. బోరు మోటార్లు రిపేరు చేస్తూ మోచేతుల దాకా గ్రీజులో మునిగే మనిషికి కన్నబిడ్డ ఉచ్చ అసహ్యమైంది. అలాంటివాడు ఇప్పుడు ఒక్కో గుడ్డనూ దులిపి తీగ మీద ఆరేస్తుంటే ఏ ఆడదైనా మురిసిపోతుంది. నేనూ కాసేపు మురిశాను. ఆ తర్వాత, ఊరక రారు మహాత్ములు అనుకున్నాను.

మా వైపు మొదటి కాన్పు పుట్టింట్లో, రెండోది అత్తింట్లో. మొదటిదానికి కంప్లి పక్కనే ఉన్న ఎమ్మిగనూరులో మా అమ్మ దగ్గర ఉన్నాను. అప్పుడు మా అత్త బసవ్వ మూడో రోజున వచ్చింది. ఆడపిల్లను చూసి, "సరేలే, ఎర్రగుండాది" అనేసి, కాఫీ కూడా తాగకుండా బస్సెక్కింది. మా అమ్మ ఆ కాఫీ లోటా పట్టుకుని వాకిట్లో చాలాసేపు నిలబడిపోయింది. అమ్మ పోయి రెండేళ్ళయింది గానీ, ఆ లోటా నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. అందుకే రెండోసారి కూడా ఆడపిల్లే అని నర్సు చెప్పగానే, బిడ్డ కంటే ముందు మా అత్త మొహమే చూశాను. ఆమె నవ్వింది. "మాలక్ష్మి వచ్చిండాది" అంది. ఆ మాట కోసం నేను ఆరేళ్ళు మొహం వాచి ఉన్నాను. కానీ ఆమె అన్నది నాతో కాదు, ఫోన్లో. అవతల ఉన్నది ఆమె కూతురు కావేరి, నా ఆడబిడ్డ.

కావేరి వదిన బళ్ళారిలో కంటోన్మెంటు దగ్గర ఉంటుంది. పెళ్ళయి పదకొండేళ్ళు, పిల్లలు లేరు. మంచి మనిషే. గట్టిగా మాట్లాడి ఎరగదు. పండక్కి తప్ప పుట్టింటి గడప తొక్కని ఆమె, నా కాన్పు తర్వాత రెండు రోజులకొకసారి రావడం మొదలుపెట్టింది. వచ్చినప్పుడల్లా డబ్బా నిండా తుమ్మజిగురు, కొబ్బరి, బెల్లం వేసి కట్టిన అంటుండలు. "బాలెంతకు నడుము గట్టిపడుతుంది, తిను సవితా" అని తన చేత్తో నోటికి అందించేది. పోయినసారి నేను రెండో ముద్ద నెయ్యి అడిగితే "ఒళ్ళొస్తాది" అన్న మా అత్త, ఇప్పుడు పక్కనే కూర్చుని నా కాళ్ళు ఒత్తుతోంది. అత్త చేతులు నా పాదాల మీద పడితే నాకు సుఖం కలగలేదు. కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

తర్వాత పాల సీసా వచ్చింది. "నీకు పాలు చాలవు సవితా, చూడు, పాప ఎట్ల సన్నంగుండాదో. డబ్బా పాలు అలవాటు చేద్దాం" అంది వదిన. అప్పటికి పాలు పొంగి నా జాకెట్టు రెండు వైపులా తడిసి ఉంది. నేను ఎమ్మిగనూరు అంగనవాడిలో టీచరును. ఆరు నెలల దాకా తల్లిపాలే పట్టాలని గోడ మీద నా చేత్తో రాసినదాన్ని, ఇంటింటికీ తిరిగి బాలింతలకు చెప్పినదాన్ని. అక్కడ మాత్రం ఏం గౌరవం వెలగబెట్టారు? లీవు అడిగితే మా సూపర్‌వైజరమ్మ "మళ్ళీనా?" అని, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు చూసింది. ఇంట్లో అయితే నా చదువు ఏ మూలకూ పనికిరాలేదు. "పుస్తకాల మాటలు ఈడ వద్దు" అంది మా అత్త. నేను స్నానం చేసి వచ్చేలోపు పాప నోట్లో సీసా ఉండేది. వదిన ఒళ్ళో కళ్ళు మూసుకుని చప్పరిస్తూ ఉండేది. నా బిడ్డ కడుపు నిండుతుంటే నాకు ఏడుపెందుకు రావాలి? వచ్చింది.

అన్నింటికంటే నాకు గుచ్చుకున్నది చీర. పాప కింద పరవడానికి అమ్మ పాత చీరలు నాలుగు ఉతికి, మడతపెట్టి, ముందే సిద్ధంగా పెట్టుకున్నాను. అవి అటక మీదికి పోయాయి. వాటి బదులు కావేరి కట్టి విడిచిన నీలం చీర వచ్చింది. "పాతది, మెత్తగుంటాది గదా" అంది అత్త. అది ఉతికింది కూడా కాదు. వదిన రాసుకునే పౌడరు వాసన, ఆమె తల నూనె వాసన అలాగే ఉన్నాయి. బిడ్డకు కళ్ళు సరిగా ఆనకముందే వాసన తెలుస్తుందని నేనే ఎందరికో చెప్పాను. మొదటిసారైతే ఇవేవీ పట్టించుకునేదాన్ని కాదు. అప్పుడు బిడ్డ ఏడిస్తే బిడ్డతోపాటు నేనూ ఏడవడం తప్ప ఏమీ తెలియదు. రెండోసారి తల్లికి చేతులు వాటంతట అవే పనిచేస్తాయి, కళ్ళు ఖాళీగా ఉంటాయి. ఖాళీగా ఉన్న కళ్ళకు అన్నీ కనిపిస్తాయి.

ఒక మధ్యాహ్నం పాప టీకాల తేదీ చూద్దామని నా సంచీ వెతికితే తాయి కార్డు లేదు. కడుపు నిలిచిన దగ్గర్నుంచి బిడ్డ టీకాల దాకా, తల్లి పేరుతో సహా అన్నీ ఉండే కార్డు అది.

"కార్డు యాడుండాది?" అని శివరాజ్‌ను అడిగాను.

"ఎవరు తీసుకుంటారు దాన్ని? తీసుకోని ఏం చేసుకుంటారు?" అన్నాడు.

తీసుకున్నారని నేను అనలేదే! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. అదే మాట అన్నాను.

"ఏంది సవితా, ఊరికే పరేషాన్ చేస్తావు. బర్త్ సర్టిఫికెట్టు పని నేను చూసుకుంటాండా గదా. పోయినసారి గూడా నీది ఇదే కత, కారణం లేకుండా ఏడుస్తాంటివి. బాలెంత తిక్క ఇది."

పోయినసారి నేను ఏడ్చిన మాట నిజమే. నెల రోజులు ఏడ్చాను. ఒక్కరూ ఎందుకని అడగలేదు. ఆ ఏడుపును మాత్రం ఆరేళ్ళు భద్రంగా దాచిపెట్టి, అవసరమైనప్పుడు తీసి నా ముందు పెట్టారు. మా అత్త ఆ సాయంత్రమే తాయెత్తు తెచ్చి నా చేతికి కట్టింది. నాకూ భయమేసింది. నిజంగానే నాకు తిక్కేమో, ప్రేమగా చేసేవాళ్ళను పట్టుకుని అనుమానిస్తున్నానేమో అనుకుంటూ రెండు రోజులు నోరు మూసుకున్నాను. ఆ రెండు రోజులూ నన్ను నేను తిట్టుకున్నంతగా మా అత్త కూడా నన్ను ఎన్నడూ తిట్టలేదు.

గౌతమి శని, ఆదివారాలు కావేరి వదిన ఇంట్లో ఉండి వచ్చింది. సోమవారం పొద్దున బడికి జడలు వేస్తుంటే చెప్పింది.

"అమ్మా, అత్త వాళ్ళింట్లో చెల్లికి తొట్లు కట్టినారు. గులాబి రంగు దోమతెర గూడా ఉండాది. మస్తుగుండాది."

"చెల్లి ఈడుంది గదమ్మా?"

"చెల్లి అత్తకంట. నేను నీకంట. అవ్వ చెప్పొద్దనింది."

నేను జడ పూర్తిగా అల్లి, రిబ్బను ముడి వేశాను. నాకు తిక్క లేదని తెలిసినందుకు మొదట హాయిగా అనిపించింది. ఆ తర్వాత వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గౌతమి టిఫిన్ డబ్బా మూతను బలంగా నొక్కాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ అల్లుడు కాదు, కన్నతండ్రే. సొమ్ము కాదు, నా పాప.

అరవచ్చు. అరిస్తే ఏమవుతుంది? తాయెత్తుతో ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు. పాపను "నీ ఆరోగ్యం కోసం" అని ఆ పూటే బళ్ళారికి పంపుతారు. మా తమ్ముడికి ఫోన్ చేస్తే "బావ అట్లాంటోడు కాదక్కా" అంటాడు. నేనేం చెప్పినా బాలెంత మాటే అవుతుంది. కాబట్టి బాలింత మాట కానిది ఏదైనా నాకు కావాలి. అది మా అత్తే తెచ్చి ఇచ్చింది.

"పాప మెడలో పేగు ఏసుకోని పుట్టింది. ఇరవయ్యొకటో దినం పేరు పెట్టేటప్పుడు చాట శాస్త్రం చేద్దాం" అంది.

గౌతమికీ చేశారు ఈ శాస్త్రం. పుట్టిన తీరు మంచిది కాకపోతే బిడ్డను చేటలో పడుకోబెట్టి, వేరే ఆడమనిషికి ఇచ్చేస్తారు. ఆమె ఎత్తుకుని "ఇది నా బిడ్డ" అంటుంది. అప్పుడు తల్లి గుప్పెడు తవుడు ఆమె కొంగులో పోసి, "నా బిడ్డ నాకియ్యి" అని మూడుసార్లు అడిగి వెనక్కి తీసుకుంటుంది. తవుడుకు వచ్చిన బిడ్డను చెడు కన్నెత్తి చూడదని నమ్మకం. గౌతమికి చేసినప్పుడు మా అమ్మ పక్కింటామె ఎత్తుకుంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పేరు పెట్టడానికి ముందు రోజు వంటింట్లో చూశాను. కొత్త చేటకు పసుపు రాసి పెట్టారు. ఆకులు, వక్కలు, కొబ్బరి గిన్నెలు, అన్నీ ఉన్నాయి.

"తవుడు యాడత్తా?"

"తవుడెందుకు? ఊరికే శాస్త్రం. కావేరి ఎత్తుకుంటాది, అంతే" అంది మా అత్త, కొబ్బరి మీంచి తలెత్తకుండా.

కంప్లిలో, వీధికొక రైస్ మిల్లు ఉన్న ఊళ్ళో, గుప్పెడు తవుడుకు కరువొచ్చింది. పెరటి గోడ దగ్గరికి వెళ్ళి పక్కింటి మారెక్కను పిలిచాను. ఆమె మిల్లులో ఊడ్చే పనికి పోతుంది.

"రేపు పొద్దున నాకింత తవుడు తెచ్చియ్యక్కా."

"మీ అత్త ఏమీ చెప్పలేదే?"

"నేను చెప్తాండా."

మారెక్క నా మొహం చూసింది, కిటికీలోంచి పాప కింద కనిపిస్తున్న నీలం చీర చూసింది. "తెస్తాలే" అంది.

మరుసటి రోజు పది గంటలకు ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వచ్చారు. వాకిట్లో కావేరి మొగుడు పరశురామ్ కారు తలుపు తీసి నిలబడ్డాడు. వెనక సీట్లో చిన్న దిండు వేసి ఉంది. మా అత్త పాపను చేటలో పడుకోబెట్టింది. కావేరి వదిన వంగి ఎత్తుకుంది. "ఇది నా బిడ్డ" అంది. పాపను గుండెకు గట్టిగా అదుముకుంది. శాస్త్రానికి అనే మనిషి అలా అదుముకోదు.

"ఆయ్తు, అయిపాయె, ఆరతి పట్టండమ్మా" అంది మా అత్త తొందరగా. "వాళ్ళింట్లో నాలుగు దినాలుండి వస్తాది పాప. సవితకు గూడా రెస్టు దొరుకుతాది."

నేను పీట మీంచి లేచాను. కుట్లు చురుక్కుమన్నాయి. కొంగు ముడి విప్పి, పొద్దున మారెక్క తెచ్చిచ్చిన తవుడు గుప్పెడు తీసి చాచాను.

"వదినా, తవుడు తీసుకో. నా బిడ్డ నాకియ్యి."

"ఈసారికి వద్దులేమ్మే" అంది అత్త.

"నా బిడ్డ నాకియ్యి."

"ఇచ్చెయ్ కావేరీ, అడుగుతాండాది గదా. మూడోసారి అడిగినంక పట్టుకోని కూర్చోకూడదు" అంది మారెక్క గట్టిగా. మిగతా ఆడవాళ్ళూ అవునవునన్నారు. శాస్త్రం తెలియనివాళ్ళు అక్కడ ఎవరున్నారు?

కావేరి నన్ను చూసింది, తన తమ్ముణ్ణి చూసింది. "నువ్వే ఇస్తానన్నావంట గదా సవితా. నీ నోటితో చెప్పించొద్దు, బాధపడ్తాదని శివు చెప్పినాడే..."

శివరాజ్ గడప దగ్గర నిలబడి సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. నాకు ఆమె మీద ఉన్న కోపమంతా ఆ ఒక్క మాటతో ఇంకిపోయింది. ఆమెకు ఇంట్లో ఉయ్యాల కట్టించారు, నాకు చేతికి తాయెత్తు కట్టారు. ఇద్దరికీ నిజం చెప్పలేదు.

"నేను అనలేదు వదినా. నన్నెవరూ అడగలేదు. నా బిడ్డ నాకియ్యి."

కావేరి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే కొంగు పట్టింది. నేను తవుడు పోశాను. ఆమె పాపను నా చేతుల్లో పెట్టి, హ్యాండ్‌బ్యాగు తెరిచి తాయి కార్డు తీసి ఇచ్చింది. "ఇది గూడా నీదే" అంది. పేరు మాత్రం ఆమెనే పెట్టమన్నాను, అది మేనత్త హక్కు. ఆమె పాప చెవిలో చెప్పిన పేరు బహుశా ఎన్నో ఏళ్ళుగా అనుకుని పెట్టుకున్నది. తుంగ.

అందరూ వెళ్ళాక శివరాజ్ గదిలోకి వచ్చాడు. పాప నా దగ్గర పాలు తాగుతోంది. పెరట్లో బకెట్టు నిండా గుడ్డలు నానుతున్నాయి. వాటి వైపు ఆ రోజు అతను పోలేదు.

"ఇంట్లో మాట్లాడుకునేది అందరి ముందర పెట్టి మర్యాద తీస్తివి. అక్కకు లేదు, మనకు రెండుండాయి, అందులో తప్పేముండాది?" అన్నాడు. నా కొంగు చూశాడు. తీసిన గుప్పెడు పోగా మిగిలిన తవుడును మళ్ళీ ముడి వేసుకున్నాను.

"అయిపాయె గదా శాస్త్రం. ఆ ముడి ఇంకా ఎందుకు? విప్పెయ్."

బయట గౌతమి బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్న చప్పుడు వినిపించింది.

"ఉండనియ్యప్పా" అన్నాను. "పెద్దది గూడా ఈ ఇంట్లోనే ఉండాది."