చుక్క ఆగిందని

నన్నెవరూ కాపాడలేదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇంత రాయాల్సి వస్తున్నందుకే ఒళ్ళు మండుతోంది.

నా పేరు ఊర్మిళ. వయసు ముప్పై ఆరు. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. కరోనా కాలం రెండేళ్ళూ ఒంటిగది ఫ్లాట్‌లో, వంటగట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని బతికాను. పొద్దున ఆఫీసు కాల్, మధ్యాహ్నం ఆఫీసు కాల్, సాయంత్రం మా అన్న కాల్. నాకు పిచ్చెక్కలేదంటే గోడకు అంటించుకున్న మొరాకో మ్యాపు వల్లే. అగాదీర్‌లో విమానం దిగి, ఎడారి అంచు కొండల్లో పడి, సాఘ్రో అనే నల్లరాతి కొండలు దాటి అవతలి లోయలోకి దిగాలి. ఏడు వందల ఎనభై కిలోమీటర్లు, సైకిల్ మీద, ఒక్కదాన్నే. నా ఇండియా పాస్‌పోర్టుకు వీసా రావడానికే నాలుగు నెలలు పట్టింది. ఈలోగా మొరాకో వాళ్ళు విమానాలు ఆపారు. 2022 ఫిబ్రవరిలో మళ్ళీ వదిలారు. మార్చి మొదటి వారంలో వెళ్ళిపోయాను.

"ఊరందరిది ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి" అన్నాడు మా అన్న కమలాకర్. మ్యూనిక్‌లో కార్ల కంపెనీలో పెద్ద ఉద్యోగం. నన్ను జర్మనీకి రప్పించింది తనే. ఆ మాట నెలకోసారైనా గుర్తు చేస్తాడు. వద్దంటే నేను విననని తెలుసు కనక ఒక షరతు పెట్టాడు. నా ట్రాకర్ లింకు తనకివ్వాలి.

ట్రాకరంటే అరచేతిలో పట్టే పెట్టె. నేనెక్కడున్నానో పది నిమిషాలకోసారి ఉపగ్రహానికి చెబుతుంది. లింకు తెరిస్తే మ్యాపు మీద ఒక నీలం చుక్క కనిపిస్తుంది. ప్రాణం మీదికొస్తే నొక్కడానికి మూత కింద ఎర్ర మీట ఉంటుంది.

"అన్నా, మంచిగ విను" అని మూడుసార్లు చెప్పాను. "చుక్క ఆగితే నేను ఆగినట్టు, అంతే. పైన ఆకాశం కనవడకపోతే అది పనిచెయ్యది. ఇంట్ల పెడితే సప్పుడు చెయ్యది. నాకేమన్న అయితే ఎర్రది నేనే నొక్కుత. నేను నొక్కనంత వరకు నువ్వేం చెయ్యొద్దు."

"నాకు తెల్వదా" అన్నాడు.

తెలుసనుకున్నాను. నేను సైకిలెక్కిన రోజే ఆ లింకు తీసుకెళ్ళి మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రెండు వందల పదకొండు మంది. నన్నడగలేదు. నాకు చెప్పనూ లేదు. అక్కడ ఫోనులో సిగ్నల్ రోజుకో అరగంట ఉంటే గొప్ప. ఆ అరగంటలో గ్రూపులు చూసే తీరిక నాకెక్కడిది? తిరిగొచ్చాక చదివాను. రెండేళ్ళుగా ఇళ్ళల్లో మగ్గి సీరియళ్ళన్నీ అయిపోయిన జనానికి నేను దొరికాను. "ఈరోజు ముప్పైయేడు కిలోమీటర్లే, నీరసపడినట్టుంది." "ఏం తింటోందో ఏమో." "టైముకు పెళ్ళి చేసుంటే ఈ తిప్పలుండేవా." సంఘం పెద్ద అనంతరామయ్య గారు ఏకంగా నేను రాహుకాలంలో బయల్దేరానని తేల్చారు. సీతారత్నం గారని, కొడుకును చూడ్డానికి వచ్చి విమానాల్లేక రెండేళ్ళు ఎష్‌బోర్న్‌లోనే ఉండిపోయిన గుంటూరావిడ, ఆవిడొక్కరే తిన్నగా అడిగారు. "ఈ రోడ్డు ఎంత ఎత్తుకు పోతుంది? రేపు ఏ ఊరు?" ఎవరూ జవాబివ్వలేదు.

నా సంగతి చెబుతాను. పదకొండు రోజులు తొక్కాను. మొదటి నాలుగు రోజులూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు. గులకరాళ్ళ దారిలో సైకిలూ సామానూ కలిపి నలభై కిలోలు తోసుకుంటూ, గొంతు పిడచకట్టి, నన్ను నేను తిట్టుకున్నాను. అయిదో రోజు నుంచి ఏడుపు ఆగింది. ఒక బావి నుంచి ఇంకో బావి ఎంత దూరమో లెక్క పెట్టుకోవడం, దారిలో గొర్రెలవాళ్ళకు చెయ్యెత్తి సలాం చెప్పడం, చీకటి పడకముందే గుడారం వేసుకోవడం. నా కాళ్ళ మీద నాకు నమ్మకం కుదిరింది. మిగిలింది ఒక్క కనుమ, తజాజర్ట్. రెండు వేల రెండొందల మీటర్లు. అది ఎక్కితే ఆ తరవాతంతా దిగుడే.

పదకొండో రోజు మధ్యాహ్నం గాలి లేచింది. ఎర్రటి దుమ్ము, ముందు చక్రం కూడా కనిపించడం లేదు. పక్కన పెద్ద లోయ. దారి పక్క ఇంట్లోంచి ఒకావిడ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. పేరు ఇత్తో. ఆమె భర్త మోహా, అరవై దాటినవాడు, మేకలు మేపుకుని బతికే మనిషి. ఆయనే వెళ్ళి సైకిల్ తెచ్చి మేకల దొడ్లో పెట్టాడు. మట్టిగోడలు, మట్టికప్పు. ట్రాకర్ నా సంచిలో ఉండిపోయింది. గాలి రెండు రాత్రులూ ఆగలేదు. ఇత్తో రొట్టె కాల్చి ఆలివ్ నూనెతో పెట్టింది, పుదీనా టీ ఇచ్చింది, నా పగిలిన పెదవులకు ఏదో వెన్న పూసింది. ఆ రెండేళ్ళలో ఒక మనిషి నన్ను చేత్తో తాకడం అదే మొదటిసారి.

మూడో రోజు పొద్దున ఆకాశం తేటపడింది. సంచులు కడుతుంటే రెండు జీపులొచ్చాయి. ఆరుగురు పోలీసులు. వాళ్ళలో ఇంగ్లీషొచ్చిన కుర్ర ఆఫీసరు నా పేరు చదివి, "మీరు బతికే ఉన్నారు" అన్నాడు, నాకు తెలియని సంగతేదో చెప్పినట్టు.

వాళ్ళను తిట్టను. వాళ్ళ చేతిలో ఉన్న కాగితం అలాంటిది. జర్మనీ నుంచి కమలాకర్ అనే అతని ఫిర్యాదు: మా చెల్లెలు లోయ అంచున మాయమైంది, అక్కడి మగవాళ్ళెవరో ఎత్తుకెళ్ళారని అనుమానం. తన ఆఫీసులో ఫ్రెంచి వచ్చిన వాణ్ణి పట్టుకుని ముందు ఫోన్ చేయించి, తరవాత రాయించి పంపాడట. ఎత్తుకెళ్ళారు. ఆ మాట ఎక్కడి నుంచి పుట్టిందో గ్రూపులో చదివాను. ఒకరు "లోయలో పడిందేమో" అన్నారు. ఇంకొకరు "ఆ దేశాల్లో మగాళ్ళ సంగతి తెలీదా" అన్నారు. తెల్లారేసరికి అదే నిజమైపోయింది. కోతి పుండు బ్రహ్మరాక్షసి అయింది.

నేను ఎంత చెప్పినా, ఫిర్యాదు తేలేదాకా కొండల్లో ఒంటరిగా వదిలేది లేదన్నారు. సైకిల్ జీపు మీద కట్టారు. నా కనుమ మీదుగానే తీసుకెళ్ళారు. కిటికీలోంచి చూశాను. పద్దెనిమిది నిమిషాల్లో దాటేసింది జీపు. రెండో జీపులో మోహాను ఎక్కించారు. ఇత్తో గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు.

నన్ను విమానం ఎక్కించారు. ఎష్‌బోర్న్ వచ్చి ఫోను తెరిస్తే గ్రూపు నిండా పూలదండలు, దణ్ణాలు. "కమలాకర్ అన్న గారి సమయస్ఫూర్తి." "చెల్లెలంటే ఇలా చూసుకోవాలి." ఉగాది సభలో అన్నకు సన్మానమట, నాకు శాలువా అట.

వారం తరవాత, ఇత్తోకు నేను రాసిచ్చిన నంబరుకు మోహా కూతురు ఫాద్మా మెసేజ్ పెట్టింది. తండ్రిని రెండు రోజులకే ఇంటికి పంపారు. కానీ గుర్తింపు కార్డు పోలీసుల దగ్గరే ఉంది. వారం వారం ముప్పై కిలోమీటర్లు దిగి వచ్చి సంతకం పెట్టాలి. ఫిర్యాదు చేసిన మనిషి తప్పు జరిగిందని రాసి సంతకం పెట్టి పంపితే తప్ప కేసు మూయరు. ఏప్రిల్ దాటితే సాఘ్రోలో గడ్డి ఉండదు. మేకలను పై కొండలకు తోలాలి. ఆయన కదలకపోతే మేకలు చస్తాయి. నేను రాస్తే చాలదా అని అడిగాను. నన్ను బెదిరించి రాయించారనుకుంటారట.

అన్నకు ఫోన్ చేశాను.

"ఉత్తరం ఫ్రెంచిల రాసి పెట్టిన. నువ్వు సంతకం చేస్తే చాలు."

"ఏమని? నేను ఆగమాగమై పిచ్చోని లెక్క ఫోన్ చేసిన అనా?"

"నువ్వు చేసింది అదే గదా అన్నా."

"చుక్క రెండు దినాలు కదల్లే. రెండు రాత్రులు నేను పండలే. అమ్మకు ఏం చెప్పాల్నో తెల్వక ఫోనే ఎత్తలే. నీకు ఆ ముసలోడు కావాలె గానీ, నేనొద్దు."

భయపడ్డాడు, నిజమే. కానీ తరవాత మాట విన్నాక అరికాలి మంట నెత్తికెక్కింది.

"సంతకం పెడ్త" అన్నాడు. "ఫ్రెంచిల ఉన్నది ఇక్కడెవడు చూస్తడు. కానీ సభల నువ్వు చెప్పాలె. జ్వరమొచ్చి పడిపోయిన, అన్న ఫోన్ చెయ్యకపోతే బతికెదాన్ని కాదు అని. అప్పుడే గుసగుస మొదలైంది, కమలాకర్ తొందరపడ్డడు అని. నువ్వు చెప్పినంక కాగితం చేతిల పెడ్త."

"ముందు కాగితం."

"ముందు మాట" అన్నాడు.

చెల్లెలితో బేరం. తల్లి కడుపున పుట్టినవాడు నాతో బేరమాడుతున్నాడు, మధ్యలో ఎవరో ముసలాయన మేకలు పెట్టి. ఫోను గోడకేసి కొడదామనుకున్నాను. కొట్టలేదు. ఏప్రిల్ వచ్చేసింది.

ఉగాది మర్నాడు ఆదివారం ఎష్‌బోర్న్‌లో హాలు తీసుకున్నారు. రెండేళ్ళ తరవాత మొదటి సభ. మాస్కులు అక్కర్లేదన్నా సగం మంది పెట్టుకునే వచ్చారు. కాగితం గ్లాసుల్లో ఉగాది పచ్చడి పంచారు. అనంతరామయ్య గారు అన్న మీద ఒక పద్యం చదివారు. తరవాత నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడి, అన్న మెసేజ్‌లో పంపిన మాటలే చెప్పాను.

"నాకు ఆ కొండల్లో జ్వరం వచ్చింది. లేవలేకపోయాను. అన్న ఫోన్ చెయ్యకపోతే ఈరోజు మీ ముందు ఉండేదాన్ని కాదు. ఆడవాళ్ళు ఒంటరిగా అంత దూరం వెళ్ళడం తప్పని తెలుసుకున్నాను."

చివరి వాక్యం బేరంలో లేదు. మెసేజ్‌లో ఉంది. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. అది భుజాల మీద పడగానే విదిలించి పారేయాలన్నంత కోపం వచ్చింది. పళ్ళు బిగబట్టి కిందికి దిగాను. అన్న మెట్ల దగ్గరే నిలబడ్డాడు, చెయ్యి కోటు జేబులో ఉంది.

అన్న కంటే ముందు సీతారత్నం గారు వచ్చి నా ముందు నిలబడ్డారు. మాస్కు కిందికి లాగి, "జ్వరమొచ్చిందా నీకు?" అన్నారు. "నేను గాలికి ఆగావనుకున్నానమ్మా. ఆ మ్యాపు పెద్దది చేసి చూశా. లోయ పక్కన ఇల్లు కనపడింది, చిన్న మట్టికప్పు. పిల్ల ఇంట్లోకెళ్ళింది, గాలి తగ్గాక బయటికొస్తదిలే అని మావాడితో చెప్పా. గ్రూపులో కూడా పెట్టా. ఎవరూ పట్టించుకోలా."

నేను భుజం మీద శాలువా సర్దుకున్నాను.

"అయితే నాకు మ్యాపు చూడ్డం రాదన్నమాట" అని నవ్వారు ఆవిడ. "నిన్ను చూసి ఈ వయసులో ధైర్యమొచ్చింది నాకు. ఆకెన్లో మా మనవరాలు చదువుతోంది. ఎల్లుండి ఒక్కదాన్నే రైలెక్కి వెళ్దామని టికెట్టు తీయించుకున్నా. మావాడు వద్దని రెండు రోజులుగా గొడవ. నువ్వే అట్లా అన్నాక ఇంకేముంది, వాడి మాటే విందామనుకుంటున్నా. అంతేనంటావా?"

ఆమె వెనకే అన్న. జేబులో చెయ్యి అలాగే ఉంది. నా నోటి వైపు చూస్తున్నాడు.

"అంతేనండీ" అన్నాను.

ఆవిడ తలూపి, మాస్కు పైకి లాక్కుని కొడుకు వైపు వెళ్ళిపోయారు. అన్న కాగితం తీసి చేతిలో పెట్టాడు. సంతకం చూశాను, తేదీ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

నిన్న ఫాద్మా ఫొటో పంపింది. మోహా, వెనక మేకలు, పైన మంచు ఉన్న కొండ. కేసు మూసేశారట, కార్డు తిరిగిచ్చారట. ఇక నాకు ఎవరి సంతకంతోనూ పనిలేదు. అందుకే ఇది రాసి గ్రూపులో పెడుతున్నాను. అన్న కూడా చదువుకోవచ్చు. సీతారత్నం గారూ, మీకు మ్యాపు చూడడం వచ్చు. అక్కడ ఇల్లుంది. నేను అందులోనే ఉన్నాను.