కళ్లు మూసుకున్న బొమ్మ

హెస్టర్‌కు ఏదైనా పని పడితే మడమతో నేలను తన్నుతుంది. ఆమె నేలే కింది వాటాలో ఉండే మెర్విన్‌కు పైకప్పు. ఆమెకు పుట్టుకతోనే వినపడదు కనుక ఆ చప్పుడు ఎంత ఘోరంగా ఉంటుందో తెలియదు. మెర్విన్ చెవులకు ఏ లోపమూ లేదు కనుక అతనికి బాగా తెలుసు. ఆ ఆదివారం కూడా నెత్తిన దబదబమనేసరికి కాఫీ కప్పు పక్కన పెట్టి మెట్లెక్కాడు.

మెర్విన్ అమ్మానాన్నలిద్దరూ వినపడనివాళ్లే. నోటి మాట కన్నా ముందు అతనికి చేతి మాట వచ్చింది. అమెరికాలోని రాచెస్టర్‌లో, మా వీధిలో, అలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి కాబట్టి దాన్నెవరూ వింతగా చూడరు. ఈ కథలో 'అంది', 'అన్నాడు' అని రాసినవన్నీ చేతులతో అన్నవే.

"రా, రా. నీ తెలివికి పని తెచ్చాను" అంది హెస్టర్. పత్రికాఫీసులో ఏళ్ల తరబడి అచ్చుపని చేసి రిటైరైన మనిషి. వేళ్లు ఇప్పటికీ చురుగ్గానే కదులుతాయి. బల్ల మీద చిన్న అట్టపెట్టె ఉంది. అందులో బొటనవేలంత ముక్క, దానికో పొట్టి యాంటెన్నా.

"ఇదేమిటి?"

"వైఫై పుల్ల. నా కంప్యూటర్‌లో ఉన్న వైఫై ముసలిదైపోయిందని షాపువాళ్లు తేల్చారు. ఇది యూఎస్‌బీలో గుచ్చితే వీడియోలో బొమ్మ ఆగకుండా పరిగెడుతుందట."

"ముసలిదైతే మార్చేయడమేనా? అలాగైతే మీ సంగతేమిటి మరి?"

"చేతులు ముయ్యి. పని చూడు."

మెర్విన్ నవ్వాడు. ఆ నవ్వు మొహం దాటి లోపలికి పోలేదు. ఆమె ఆ పుల్ల ఎందుకు కొన్నదో అతనికి తెలుసు. దాని అవసరం లేదని కూడా తెలుసు.

హెస్టర్ చెల్లెలు ఐడా ఎక్కడో దూరాన స్యూ ఫాల్స్‌లో ఉంటుంది. ఆవిడకూ వినపడదు. బధిరుల బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. మొగుడు పోయాక ఒంటరిగా ఉండలేక, ఇక్కడికొచ్చి అక్కతో ఉండాలనుకుంది. పై వాటాలో రెండో గదికి హెస్టర్ రంగులు కూడా వేయించింది. పోయిన నెల ఒక సాయంత్రం వీడియోలో మాట్లాడుకుంటూ, మొగుడి వాలుకుర్చీ కూడా వెంట తెస్తానంది ఐడా. ఆ దున్నపోతు కుర్చీ మెట్లెక్కదు పొమ్మంది హెస్టర్. మాటామాటా పెరిగింది. అంతలో ఐడాకు తెర మీద అక్క కళ్లు మూసుకుని కనబడింది. మూసినవి మూసినట్టే ఉన్నాయి. ఐడా ఫోన్ పెట్టేసింది.

వినపడేవాళ్ల గొడవలో ఒకరు ధడాలున తలుపేసుకుని పోతారు. సైగలవాళ్లకు అంత శ్రమ అక్కర్లేదు, కళ్లు మూసుకుంటే చాలు. ఎదుటి మనిషి చేతుల్లో ఉన్న మాట ఇక ఎక్కడికీ పోదు. అంతకు మించిన అవమానం వాళ్లలో లేదు. మెర్విన్ చిన్నప్పుడు ఒకే ఒక్కసారి తల్లి ఎదుట ఆ పని చేశాడు. ఎప్పుడూ చెయ్యెత్తని తండ్రి ఆ రోజు వీపు విమానం మోత మోగించాడు.

"నేను మూసుకోలేదురా" అంది హెస్టర్, ఇప్పటికి ఎన్నోసారో. "కళ్లు ఆర్పి ఉంటాను, మనిషన్నాక ఆర్పనా? అది నమ్మదు. నీకు అబద్ధాలు కూడా వచ్చా అక్కా అని రాసింది. ఇవాళ మధ్యాహ్నం ఒక్కసారి మాట్లాడతానంది. కుదరకపోతే రేపు పొద్దున్నే అక్కడి వృద్ధాశ్రమానికి సరేనని చెప్పేస్తుందట. అందుకే ఇది కొన్నాను. ఇవాళ నా మొహం దానికి సరిగ్గా కనబడాలి."

మెర్విన్ తల వంచుకుని ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు, చూడడానికి అందులో ఏమీ లేకపోయినా.

మంచు తుపానుకు మెర్విన్ లైను తెగిపోయిన చలికాలంలో హెస్టరే పిలిచి తన వైఫై పాస్‌వర్డ్ ఇచ్చింది. నీది బాగయ్యేదాకా వాడుకో అంది. అతని లైను మళ్లీ బాగవలేదు, ఎందుకంటే అతను బాగు చేయించుకోలేదు. పైనుంచి గాలిలో వచ్చేదే కదా, ఎవరికి తరుగు అనుకున్నాడు. అడిగితే ఆవిడ కాదనేది కాదు. అడగలేదు, అంతే. అతను పాత కుట్టుమిషన్లు బాగుచేస్తూ వీడియోలు తీస్తాడు. మిషన్లంటే పిచ్చి ఉన్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, వాళ్లు చూస్తారు. ఆ పొడుగు వీడియోలను రోజూ సాయంత్రాలే నెట్‌లోకి ఎక్కిస్తాడు. అవి ఎక్కుతున్నంతసేపూ ఆ ఇంట్లోంచి బయటికి పోయే దారంతా వాటితోనే నిండిపోతుంది. లోపలికొచ్చే దారికి మాత్రం ఇబ్బంది లేదు. అందుకే హెస్టర్‌కు ఐడా చక్కగా కనబడేది. ఐడాకే హెస్టర్ బొమ్మ అప్పుడప్పుడు తడబడేది, ఆ సాయంత్రం మాత్రం పూర్తిగా ఆగిపోయింది.

గొడవ సంగతి హెస్టర్ చెప్పిన రోజే ఇదంతా అతనికి తట్టింది. చెప్పాలనుకున్నాడు. సిగ్గేసింది. రేపు చెబుదాం అనుకున్నాడు. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోవడం మానేశాక అతని వీడియోలు సాయంత్రాలు ఇంకా హాయిగా ఎక్కాయి. ఆ హాయి గమనించిన రోజు తన మీద తనకే రోత పుట్టింది. రోత పడుతూనే ఇంకో వీడియో ఎక్కించాడు. ఇవాళ సెలవు కనుక ఈ క్షణాన కూడా కింద ఒకటి ఎక్కుతోంది.

పుల్లను వెనకవైపు గుచ్చితే కంప్యూటర్ ఇనప డొక్కు అడ్డొస్తుందని ముందువైపు గుచ్చాడు. దీపం వెలగలేదు. ఈ వస్తువెవరో నాకు తెలియదని కంప్యూటర్ చెప్పింది. పెట్టెలో, దాన్ని కంప్యూటర్‌కు పరిచయం చేసే డ్రైవర్ ప్రోగ్రామ్ ఉన్న చిన్న సీడీ ఒకటి ఉంది, దాన్ని పెట్టడానికి ఈ కంప్యూటర్‌కు నోరే లేదు. సరే, డ్రైవర్‌ను నెట్‌లోంచి దింపుదామని మొదలుపెట్టాడు. దాన్ని రమ్మని పంపే కబురే బయటికి పోయే దారిలో ఇరుక్కుని, ఆ పేజీయే తెరుచుకోనంటూ గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది.

"చూశావా? చూశావా? ఇదే నా బాధ!" హెస్టర్ చేతులు గాల్లో ఎగిరాయి. "ఈ ముసలి ముక్కను తిట్టి తిట్టి నా వేళ్లు అరిగిపోయాయి!"

"నా లాప్‌టాప్‌లో దింపుకొస్తా, ఉండండి" అన్నాడు మెర్విన్.

కిందికెళ్లి మొదట వీడియో ఎక్కడాన్ని ఆపాడు. ఆపగానే డ్రైవర్ చిటికెలో దిగింది. దిగినంత తేలిగ్గా ఒక ఆలోచనా వచ్చింది. ఇక సాయంత్రాలు ఎక్కించడం మానేస్తే సరి. బొమ్మ ఆగదు. పేరు పుల్లకొస్తుంది. తను చెప్పాల్సిన పనే ఉండదు. లాప్‌టాప్, పెన్‌డ్రైవ్ రెండూ చంకన పెట్టుకుని పైకొచ్చాడు. మెట్ల మీద కాళ్లు కొంచెం తేలిగ్గానే పడ్డాయి.

డ్రైవర్ ఎక్కించాడు. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేశాడు. పుల్లకు నీలం దీపం వెలిగింది. పాతదీ కొత్తదీ రెండూ ఉంటే ఒకదానితో ఒకటి తగువుపడతాయని, లోపలున్న పాత వైఫైని సెట్టింగుల్లో ఆఫ్ చేశాడు. చుట్టుపక్కల ఇళ్ల వైఫై పేర్లన్నీ వరసగా వచ్చాయి. అందులో హెస్టర్‌ది నొక్కాడు. పాస్‌వర్డ్ అడిగింది.

హెస్టర్ వేళ్లతో ఒక్కో అక్షరమూ చూపించడం మొదలుపెట్టింది. లుసిల్. మెర్విన్ తల్లి పేరు, దాని వెనక హెస్టరూ ఆవిడా కలిసి ప్రెస్సులో చేరిన సంవత్సరం. ఆమె వేళ్లు పేరు సగంలో ఉండగానే మెర్విన్ మొత్తం కొట్టేసి ఎంటర్ నొక్కాడు.

హెస్టర్ చేయి గాల్లోనే ఆగింది. దొరికిపోయాననుకున్నాడు మెర్విన్.

"ఎప్పుడో చెప్పింది ఇంకా గుర్తుందిరా నీకు!" ఆమె మొహం విప్పారింది. "అచ్చం మీ అమ్మ బుర్రే. దానికీ అంతే, ఒకసారి చూస్తే చాలు." అతని బుగ్గ పట్టి ఊపి, వంటింట్లోకి పోయి, ద్రాక్షపళ్లు కూరి కాల్చిన 'పై' రొట్టెలో పెద్ద ముక్క కోసుకొచ్చి ముందు పెట్టింది. మెర్విన్ తిన్నాడు.

పిలుపొస్తే వెలిగే గోడ మీది దీపం టపటపా వెలిగి ఆరింది. ఐడా పిలుస్తోంది.

హెస్టర్ జుట్టు సర్దుకుని కూర్చుంది. తెర మీద సన్నటి మొహం, పెద్ద కళ్లద్దాలు, వెనక ఆ దున్నపోతు కుర్చీ.

"బాగానే కనబడుతున్నావు" అంది ఐడా.

"నువ్వూ."

"సారీ చెప్పు. చెప్పావంటే ఇప్పుడే సామాను సర్దుకుంటాను."

"చేయనిదానికి ఎందుకు చెప్పను? నేను కళ్లు మూసుకోలేదు. ఇందులో వైఫై పాడైంది. ఇదిగో, మెర్విన్ కొత్తది పెట్టాడు, అడుగు. లుసిల్ కొడుకు."

"లుసిల్ కొడుకా? ఇంతున్నప్పుడు చూశాను." ఐడా కళ్లద్దాలు పైకి నెట్టుకుంది. "ఏం బాబూ, నిజమేనా? పాతది పాడైందా?"

మెర్విన్ కంప్యూటర్‌ను చూపించాడు. "పాతదండీ. పాతబడిపోయింది."

లెక్కల టీచరు కదా, ఐడా అంత తేలిగ్గా వదలదు. "మొన్నటిదాకా కాస్త తడబడుతూ నడిచింది, సరిగ్గా నేను కుర్చీ మాట ఎత్తినప్పుడే పాడైందా? సరే. పాతది ఒకసారి మళ్లీ పెట్టండి. నా కళ్లతో చూస్తాను. బొమ్మ ఆగితే నేనే సారీ చెప్తాను."

"పెట్టరా, పెట్టు! చూపిద్దాం దీనికి!" హెస్టర్ అతని భుజం మీద చరిచింది.

మెర్విన్ పుల్ల పీకాడు. పాత వైఫైని ఆన్ చేశాడు. ఏమవుతుందో అతనికి తెలుసు. గోడ మీది దీపం మళ్లీ వెలిగింది, ఐడా మళ్లీ వచ్చింది.

హెస్టర్ చేతులు ఊపింది. వేళ్లు ఆడించింది. నాలుక కూడా బయటపెట్టింది. అవతల ఐడా కన్నార్పకుండా చూసింది. వీడియో ఎక్కడం ఆగిపోయే ఉందాయె, బొమ్మ ఎక్కడా ఆగలేదు.

"అంతా కనబడుతోంది" అంది ఐడా, చాలా నెమ్మదిగా. "నీ నాలుకతో సహా. అక్కా, కోపంలో మూసుకున్నానంటే ఊరుకునేదాన్ని. ఈ వయసులో లుసిల్ కొడుకును పక్కన పెట్టుకుని నాటకాలాడతావా? నేను అక్కడికొచ్చి ఏం బతకను?"

"ఐడా, ఒట్టు! లుసిల్ మీద ఒట్టు!"

"ఉంటాను." ఐడా చేయి ఫోను మీదికి వస్తోంది.

హెస్టర్ మెర్విన్ వైపు తిరిగింది. నువ్వైనా ఏదో ఒకటి చెప్పరా అన్నట్టు చూసింది. ఆ చూపులో అనుమానం ఇసుమంత కూడా లేదు. అది చూశాక అతనిక నిలబడలేకపోయాడు. ఆమెకూ తెరకూ మధ్యకు దూరి రెండు చేతులూ ఎత్తాడు.

"ఆగండి! పెట్టేయకండి! మీ అక్క నిజమే చెబుతోంది. తప్పు నాది."

ఐడా చేయి ఆగింది.

మెర్విన్ లాప్‌టాప్ తెరిచాడు. "ఇప్పుడు అక్కనే చూస్తూ ఉండండి" అని, ఆపిన వీడియోను మళ్లీ ఎక్కించాడు. "హెస్టర్, ఏదైనా మాట్లాడండి." హెస్టర్‌కు ఏమీ అర్థం కాలేదు. ఏం మాట్లాడమంటావురా, ఇదేం తమాషా అంటూ చేతులు తిప్పింది. కాసేపటికి అవతల ఐడా ముందుకు వంగింది. తెర మీద వేలు పెట్టి చూసింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"ఆగిపోయావు! నోరు తెరిచి, ఒక కన్ను మూసి... కదలడం లేదు నువ్వు! అక్కా, ఎలా ఉన్నావో తెలుసా? కప్పలా ఉన్నావు!" నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

మెర్విన్ వీడియో ఆపి అంతా చెప్పాడు. మంచు తుపాను నుంచీ ఈ వైఫైనే వాడుతున్నానన్నాడు. కుట్టుమిషన్ల సంగతి చెప్పాడు. సాయంత్రాలు ఏమయ్యేదో చెప్పాడు. పుల్ల అవసరమే లేదని కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ తెరకేసే చూశాడు, పక్కకు చూడలేదు.

"సారీ అక్కా" అంది ఐడా. "నేనే అన్నాను కదా, ఆగితే నేనే చెప్తానని."

"కుర్చీ తెచ్చుకో" అంది హెస్టర్. "మెట్లు పగలగొట్టించైనా ఎక్కిస్తాను."

ఐడా ఏ రోజున రావాలో, ఎవరు లారీ మాట్లాడాలో అక్కాచెల్లెళ్లు అనుకున్నారు. మెర్విన్ కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఇంతకాలం మోసిన బరువు దిగినట్టే అనిపించింది. ఇప్పుడు నాలుగు చీవాట్లు పెడుతుంది, ఒక చెంపదెబ్బ కూడా వేస్తుందేమో, వేయనీ అనుకున్నాడు. రేపే కొత్త లైను పెట్టించుకోవాలి. ఆ కుర్చీ తనే మోయాలి.

ఐడా వెళ్లిపోయింది. తెర నల్లబడింది. హెస్టర్ కుర్చీని ఇటు తిప్పుకుంది. మొహంలో కోపం లేదు. వైఫై మాట ఎత్తనే లేదు.

"ఒక్కటే అడుగుతాను" అంది. "కళ్లు మూసుకున్నానని అది నామీద అలిగిందని నీకు చెప్పి ఏడ్చాను చూడు, పోయిన నెల, ఈ బల్ల దగ్గరే. ఆ రోజే తెలుసా నీకు?"

అబద్ధమాడితే సరిపోయేది. లేదు, ఇవాళే తట్టింది అంటే ఆమె నమ్మేది.

"తెలుసు" అన్నాడు మెర్విన్.

హెస్టర్ చాలాసేపు అతన్ని చూసింది. మెర్విన్ చేతులెత్తాడు. చెప్పాలనుకున్నాను అనాలి, సిగ్గేసింది అనాలి, క్షమించండి అనాలి, అమ్మ తర్వాత మీరే కదా అనాలి. మొదటి మాట వేళ్లదాకా వచ్చింది.

హెస్టర్ కళ్లు మూసుకుంది.

కంగారుగా కాదు, కోపంగానూ కాదు. నిదానంగా మూసుకుంది, మూసినవి మూసినట్టే ఉంచింది. నేలను తన్నవచ్చు, భుజం తట్టవచ్చు, ఆమె ఉలిక్కిపడి చూస్తుంది. కానీ కళ్లు మూసుకున్న మనిషిని ముట్టుకోకూడదని అతనికి తల్లి నేర్పింది. గది మధ్యలో, ఎత్తిన చేతులు దించడం తెలియక, మెర్విన్ అలాగే నిలబడ్డాడు.